గూట్లో పట్టే తొట్టి

బడి నుంచి రాగానే పవిత్ర పుస్తకాల సంచీ కూడా దించకుండా వెనకగదిలోకి పరిగెత్తింది. గోడ గూట్లో ఉన్న గాజుతొట్టికి ముఖం ఆనించి చూసింది. మూడు చేపలే కనిపించాయి. నిన్న సాయంత్రం నాలుగు ఉన్నాయి.

రాళ్ళ వెనక వెతికింది. గూటి కింద నేల మీద వెతికింది. మంచం కిందికి దూరి టార్చిలైటు వేసి మరీ చూసింది. నాలుగో చేప ఎక్కడా లేదు. నీళ్ళు మాత్రం కాస్త మసకగా ఉన్నాయి. ఆ సంగతి పవిత్ర పట్టించుకోలేదు.

"ఎవరో తీసుకుపోయినారు" అనుకుంది. వెంటనే ఆమెకు కుళ్ళాయమ్మ గుర్తుకొచ్చింది.

అవి మామూలు చేపలు కావు, పిరానాలు. దసరా సెలవుల్లో నాయన శివప్రసాద్ పట్టునూలు కోసం ధర్మవరం నుంచి హిందూపురం వెళ్తూ పవిత్రను వెంట తీసుకుపోయాడు. అక్కడ బస్టాండు దగ్గర చేపల షాపులో ఆమె వాటిని చూసింది. వెండి ఒళ్ళు, ఎర్రటి పొట్ట, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ. ఇలాంటివి టీవీలో చూడడమే తప్ప ఎవరింట్లోనూ చూడలేదు. అడగ్గా అడగ్గా నాయన సరేనన్నాడు. షాపాయన కింది వరుసలో ఉన్న పొడుగాటి తొట్టి చూపించి ఏదో చెప్పాడు. పవిత్ర పై వరుసలో ఉన్న చిన్న తొట్టి వైపు వేలు చూపింది. అదైతే వెనకగది గూట్లో సరిగ్గా పడుతుంది. అక్కడుంటే వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పడవు.

ఆ గదిలోకి పవిత్ర రానిచ్చిన ఒకే ఒక్క మనిషి పక్కింటి కుళ్ళాయమ్మ. ఇద్దరిదీ ఐదో తరగతే. మొదటిరోజు చేపల్ని చూసి కుళ్ళాయమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత మెల్లగా, "మే పవీ, నాకొకటి ఇస్తావా? మా ఇంట్లో బానలో పెంచుకుంటా" అని అడిగింది. పవిత్ర ఇవ్వనంది.

ఆ మాట ఇప్పుడు ఆమె మనసులో ముల్లులా దిగింది. నిన్న సాయంత్రం కుళ్ళాయమ్మ వచ్చింది. పవిత్ర మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి పోయినప్పుడు ఒంటరిగా ఈ గదిలోనే ఉంది. వెళ్ళేటప్పుడు రెండు చేతులూ పావడా మడతల్లో పెట్టుకుని పోయినట్టు కూడా అనిపించింది. నిజంగా అలాగే పోయిందో లేదో పవిత్రకు సరిగ్గా గుర్తులేదు. కానీ తలుచుకున్న కొద్దీ పోయినట్టే కనిపించింది.

ఆమె కుళ్ళాయమ్మ వాళ్ళింటికి పోయింది. కుళ్ళాయమ్మ అమ్మ సుంకమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది. నీళ్ళు తాగిపోతానని చెప్పి పవిత్ర లోపలికి నడిచింది. వంటింటి మూల పెద్ద బాన ఉంది. మూత ఎత్తి తొంగిచూసింది. నీళ్ళు తప్ప ఏమీ లేవు. పక్కనున్న చిన్న కుండ మూత కూడా ఎత్తింది.

వెనక అలికిడైతే తిరిగింది. గడపలో కుళ్ళాయమ్మ నిలబడి ఉంది.

"గ్లాసు ఈడుండాది" అంది కుళ్ళాయమ్మ. ఆమె పవిత్ర చేతిలోని మూతను చూసింది, తర్వాత పవిత్ర ముఖం చూసింది. "నువ్వు నీళ్ళ కోసం రాలేదు. ఏం యెతుకుతాండావు?"

పవిత్ర మూతను కుండ మీద పెట్టేసింది.

"చేప పోయిందా?"

"నీకెట్ల తెలుసు?" అని పవిత్ర చటుక్కున అడిగింది.

కుళ్ళాయమ్మ ముఖం ఎర్రబడింది. ఇంకేమీ అనకుండా గడపలోంచి పక్కకు తప్పుకుంది, పవిత్ర బయటికి పోవడానికి. మరుసటిరోజు బడిలో ఆమె వేరే బెంచీలో కూర్చుంది. "తప్పు చేసింది కాబట్టే మొహం చాటేస్తాంది" అనుకుంది పవిత్ర.

అప్పటినుంచి పవిత్ర వెనకగదికి తాళం వేయసాగింది. తాళంచెవి తాడుకు కట్టి మెళ్ళో వేసుకుంది. ఇంట్లో రెండో తాళంచెవి ఒక్క అవ్వ దగ్గరే ఉంది.

రెండురోజులకు ఒక చేప తోక సగం లేదు. ఎవరో కత్తెరతో కత్తిరించినట్టుంది. పవిత్ర మెళ్ళోని తాళంచెవి తడుముకుంది. తాళం వేసిన గదిలోకి ఎవరొచ్చారు?

అవ్వ అంజనమ్మకు ఆ చేపలంటే మొదట్నుంచీ పడదు. పళ్ళున్న చేపలు ఇంట్లో ఎందుకని రోజూ సణుగుతూనే ఉంటుంది. ఆ రాత్రి అన్నాలప్పుడు పవిత్ర అవ్వ పక్కన కూర్చుని, ఏదో చూస్తున్నట్టుగా ఆమె చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"యాలమ్మా, నా చెయ్యి వాసన చూస్తాండావు?" అంది అవ్వ.

"ఊరికే" అంది పవిత్ర. చేతికి ఆకువక్క వాసన తప్ప నీచు వాసన లేదు. "కడుక్కుని ఉంటుంది" అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం తిండి తిన్నాక ఇంట్లో అందరూ నడుం వాల్చారు. ఎలాగైనా అవ్వను పట్టుకోవాలని పవిత్ర వెనకగదిలో బట్టల మూట చాటున నక్కింది. తలుపు తాళం వేయకుండా వదిలింది. చాలాసేపటిదాకా ఎవరూ రాలేదు. అవ్వ గురక ముందుగదిలోంచి వినిపిస్తూనే ఉంది. తలుపును చూసి చూసి విసుగొచ్చి పవిత్ర తొట్టివైపు తిరిగింది.

చేపలు వచ్చినప్పటికన్నా బాగా పెరిగాయి. పెద్దది ఒక మూల ఆక్రమించుకుంది. మిగతా రెండూ అటు మూల ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. తోక తెగిన చేప కొంచెం కదలబోయింది. అటూ ఇటూ తిరగడానికి చోటెక్కడుంది? తిరిగేసరికి పెద్దదాని మూతికే తగిలింది. పెద్దది చురుక్కున కదిలి దాని తోకను మళ్ళీ కొరికింది. చిన్న తునక నీళ్ళలో తేలింది. పెద్దది దాన్ని కూడా నోట్లో వేసుకుంది.

పవిత్ర తలుపు వైపు తిరిగి చూసింది. గదిలోకి ఎవరూ రాలేదు.

నాలుగో చేప ఏమైందో ఇప్పుడామెకు అర్థమైంది. దాంతోపాటే హిందూపురం షాపాయన మాటలూ చెవుల్లో మోగాయి. నాయన నూలుమూటలు చూసుకోవడానికి బయటికి పోయినప్పుడు ఆయన ఆమెతోనే చెప్పాడు. "ఇవి ఇప్పుడు ఇంతే ఉండాయి పాపా, జానెడంత అయితాయి. నాలుగింటికి నాలుగడుగుల తొట్టి కావల్ల. ఇరుకైతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి." నాయన తిరిగొచ్చి ఏ తొట్టి అని అడిగితే, ఇది చాలని షాపాయన అన్నాడని పవిత్రే చెప్పింది.

ముందుగదికి పోయి నాయనను లేపింది. జరిగిందంతా చెప్పింది. షాపాయన మాట దాచిన సంగతి కూడా చెప్పింది. మధ్యలో మెలకువ వచ్చిన అవ్వ కూడా పడుకునే వింది. తన చెయ్యి ఎందుకు వాసన చూసిందో పవిత్ర చెబుతుంటే పక్కకు తిరిగి, గట్టిగానే నవ్వింది.

నాయన నవ్వలేదు. కోప్పడలేదు కూడా. కాసేపు గడ్డం రుద్దుకున్నాడు.

"ఫొటోలకు అద్దాలు కట్టే చిన్నస్వామితో పెద్ద తొట్టి చేయిస్తాలే" అన్నాడు. "చేపల సంగతి నేను చూస్తా. ఆ పిల్ల సంగతి నువ్వు చూసుకో."

పవిత్ర పక్కింటికి పోయింది. సుంకమ్మ, కుళ్ళాయమ్మ వసారాలోనే ఉన్నారు. కుళ్ళాయమ్మ ఒక్కతే ఉంటే బాగుండుననిపించింది. అయినా వెనక్కి తిరగలేదు.

"సుంకమ్మత్తా, నేను ఆ పొద్దు మీ బాన మూత తీసింది నీళ్ళకు కాదు. కుళ్ళాయి నా చేప తెచ్చిందేమోనని చూసినా" అంది. తర్వాత కుళ్ళాయమ్మ వైపు తిరిగింది. "నువ్వు తీయలేదు. చేపలే దాన్ని తినేసినాయి. చిన్న తొట్టి తెచ్చింది నేనే."

సుంకమ్మ రాట్నం ఆపి ఆశ్చర్యంగా చూసింది. ఆ సంగతి కుళ్ళాయమ్మ ఇంట్లో ఎవరికీ చెప్పలేదన్నమాట. పవిత్రకు ఇంకా సిగ్గేసింది.

కుళ్ళాయమ్మ తలెత్తకుండా నూలు చిక్కు తీస్తూ కూర్చుంది.

"నాలుగడుగుల తొట్టి చేయిస్తాండాము" అంది పవిత్ర. "మా ఇంట్లో మగ్గం పోను అంత చోటు లేదు. మీ వసారాలో ఈ గోడ దగ్గర పెట్టుకుంటారా? చేపలు మీ దగ్గరే ఉంటాయి."

కుళ్ళాయమ్మ చేతులు ఆగాయి. "మల్లా ఒకటి పోతే?"

"పోతే తొట్టిని చూస్తా. నిన్ను కాదు."

కుళ్ళాయమ్మ వెంటనే ఒప్పుకోలేదు. వాళ్ళమ్మను అడిగి చెబుతానంది, అమ్మ పక్కనే ఉన్నా సరే. మూడోరోజు బడిలో పాత బెంచీలోకి వచ్చి కూర్చుని, "మా అమ్మ పెట్టమనింది" అంది.

తొట్టి తయారై వచ్చాక పిల్లలిద్దరూ బిందెలతో నీళ్ళు మోసి పోశారు. చేపల బకెట్టు నాయన తెచ్చి పెట్టాడు. దాన్ని వంచడానికి పవిత్ర చెయ్యి చాచింది, అంతలోనే వెనక్కి తీసుకుని బకెట్టును కుళ్ళాయమ్మ వైపు జరిపింది.

కుళ్ళాయమ్మ జాగ్రత్తగా వంచింది. పెద్దది ఒక్క ఊపున ఆ చివరికి పోయింది. తోక తెగిన చేప ఈ చివర మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఏదీ దాని దారికి అడ్డం రాలేదు.

"ఇప్పుడు కొరుక్కోవంటావా?" అంది కుళ్ళాయమ్మ అనుమానంగా.

"ఏమో. కొన్ని దినాలు చూద్దాము" అని పవిత్ర ఎండురొయ్యల డబ్బా ఆమె చేతికిచ్చింది. తర్వాత కొంచెం జరిగి, తొట్టికి ఎదురుగా ఆమెకు చోటిచ్చింది.