అన్నయ్య జవాబులు

“ఊఁ, మొదలుపెట్టు. మీ చదువు గురించి చెప్పండి,” అంది అమ్మ, కుక్కరు మూత బిగిస్తూ.

చిన్నది వంటింటి గుమ్మానికి ఆనుకుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తనకు చిన్నప్పటి నుంచీ మందులంటే ఇష్టమనీ, బడి వదలగానే నాన్న మందుల షాపుకి వెళ్లి స్టూలు మీద కూర్చుని సీసాల మీద పేర్లు చదవడం నేర్చుకున్నాననీ, కష్టమైన పేరు సరిగ్గా పలికిన రోజున నాన్న తనని కౌంటరు లోపలికి రానిచ్చేవాడనీ, అందుకే ఫార్మసీ ఎంచుకున్నాననీ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది.

“కౌంటరు అన్నాక కొంచెం నవ్వాలి. మీ అన్నయ్య అక్కడ నవ్వేవాడు,” అంది అమ్మ.

చిన్నది నవ్వింది. అంటే, పెదాలు కాస్త సాగాయి.

ముందుగదిలో బఠానీలు ఒలుస్తున్న అత్త ఊరుకుంటుందా? నాన్నకు అక్కగారు. ఆవిడ నోట్లో నువ్వు గింజ నానదు. “ఆ ఇంగ్లీషు నాక్కూడా నోటికొచ్చేసిందే అమ్మాయ్. పోనీ ఇవాళ నన్ను పంపండి, పాసై వచ్చేస్తాను,” అంది. గడ్డం గీసుకుంటున్న నాన్న అద్దంలోంచే నవ్వాడు. అమ్మ నవ్వలేదు. స్టవ్ పక్కన, నూనె మరకలు పడకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గోడకి ఆనించి ఉంచిన నోటుపుస్తకం వైపు చూసింది.

ఆ పుస్తకం అన్నయ్యది. పెద్ద కాలేజీలో పై కోర్సు సీటు కావాలంటే ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి పాసవ్వాలి. దానికోసం రాగల ప్రశ్నలన్నీ ఊహించి, జవాబులన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా బండి మీద బయటికెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. ఏడాదిన్నర అయింది. ఇంట్లో వాణ్ని పెద్దాడు అనేవాళ్లు, దీన్ని చిన్నది అనేవాళ్లు. పెద్దాడు పోయినా చిన్నది మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది.

నిజం చెప్పాలంటే ఫార్మసీ చదవమని చిన్నదాన్ని ఎవరూ అడగలేదు. వాడు పోయిన మూడో నెలలో, భోజనాల దగ్గర అత్త ఉండబట్టలేక, “ఇక ఆ షాపు ఎవరు చూస్తారో ఏమో,” అంది. నాన్న కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు. అది చూడలేక, “నేను చదువుతాలే,” అంది చిన్నది. అప్పటికే ఆమె ఇంకో చదువు ఏడాది చదివింది. భూమి పొరలు, ఖనిజాలు, రాళ్లు. ఇంట్లో అందరూ ‘రాళ్ల చదువు’ అని ఏడిపించేవాళ్లు. “రాళ్లు చదివితే ఏమొస్తాయే? రాళ్లే వస్తాయి,” అనేది అత్త. ఆ చదువు ఆరోజు కంచాలు ఎత్తేలోపే అయిపోయింది. ఎవరూ మానెయ్యమనలేదు, మానొద్దనీ అనలేదు.

ఆ తర్వాత ఫార్మసీ డిప్లొమాలో చేరింది. పై కోర్సు కోసం అన్నయ్యకి ఉన్న పరీక్షే ఆమెకీ వచ్చింది, పరీక్షతోపాటు పుస్తకమూ వచ్చింది. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. పుస్తకంలో ఒక్క అక్షరం కొట్టెయ్యడానికి గానీ, పక్కన పెన్సిలుతో రాయడానికి గానీ వీల్లేదు. వాడి రాత వాడిలాగే ఉండాలి. కాబట్టి కొడుకు అని ఉన్న చోట కూతురు అనీ, కుర్రాడు అని ఉన్న చోట అమ్మాయి అనీ మనసులోనే మార్చుకుని చదవాలి. చిన్నది అలాగే నేర్చుకుంది. మొదటిసారి పరీక్షలో రెండు మార్కులు తక్కువొచ్చి పోయింది. ఇవాళ రెండోసారి. ఇదీ పోతే ఈ ఏటికి సీటు లేనట్టే.

“భయంగా ఉందా?” అన్నాడు నాన్న చెప్పులేసుకుంటూ.

“లేదు నాన్నా.”

అది అబద్ధం కాదు. భయమూ లేదు, ధైర్యమూ లేదు. చాలాసేపు మడుచుకు కూర్చున్నాక కాలు తిమ్మిరెక్కి, గిల్లినా మన కాలు కానట్టుంటుంది చూడండి, ఏడాదిన్నరగా ఆమెకు ఒళ్లంతా అలాగే ఉంది.

పరీక్ష గది ఇరుకుగా ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, మాటలు రికార్డు చేసే నల్లటి పరికరం. బల్లకు అవతల నెరిసిన జుట్టావిడ కూర్చుని ఉంది. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. పేరు అడిగింది, కళ్లజోడు పెట్టుకుని కార్డు చూసింది, పరికరం మీద మీట నొక్కింది. “మీ చదువు గురించి చెప్పండి,” అంది ఇంగ్లీషులో.

చిన్నది మొదలుపెట్టింది. స్టూలు వచ్చింది, సీసాలు వచ్చాయి, కౌంటరు దగ్గర నవ్వు కూడా వచ్చింది. తన గొంతు తనకే పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుంది. నిజానికి ఆ స్టూలు మీద ఆమె ఎన్నడూ కూర్చోలేదు. క్యారియరు ఇచ్చి వచ్చేసేది, అంతే. ఈ ఫార్మసీనే ఎందుకు ఎంచుకున్నారని ఆవిడ అడిగింది. పుస్తకంలో ఏడో పేజీ. “మా అమ్మానాన్నలకి నేను ఒక్కగానొక్క కొడుకుని. కాబట్టి షాపు బాధ్యత నాదే,” అంది చిన్నది, ఒక్క తప్పు లేని ఇంగ్లీషులో.

ఆవిడ కలం ఆగింది. తల ఎత్తి చిన్నదాన్ని చూసింది, కార్డు చూసింది, మళ్లీ చిన్నదాన్ని చూసింది. తప్పు దిద్దకూడదన్నది అక్కడి నియమం కాబోలు. కళ్లజోడు తీసి, కాస్త మెల్లగా అడిగింది. “ఈ కోర్సుకి ముందు మీరేం చదివేవారు?”

ఈ ప్రశ్న పుస్తకంలో లేదు. అన్నయ్యకి అంతకుముందు అంటూ ఏదీ లేదు మరి. చిన్నదానికి ఉంది. దాని గురించి మాట్లాడేందుకు కావలసిన ఇంగ్లీషంతా ఉంది, ఆ రాళ్ల పేర్లు నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలదు. నోరు తెరిచింది. పరికరం మీద ఎర్రదీపం వెలుగుతోంది. గోడవతల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

“నాకు గుర్తులేదండి,” అంది.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. నాన్న భోజనానికి వచ్చి ఉన్నాడు. నలుగురికీ కంచాలు పెట్టి ఉన్నాయి.

“ఎలా రాశావే?” అంది అత్త, అలవాటు కొద్దీ. వెంటనే నాలిక్కరుచుకుని, “అదే, ఎలా మాట్లాడావ్?” అంది.

“బాగానే మాట్లాడాను. నేను ఒక్కగానొక్క కొడుకునని అక్కడ అడిగినావిడతో చెప్పాను.”

అత్తకి నవ్వు ఆగలేదు. “ఓసి నీ! మీసాలేవమ్మా అనలేదూ ఆవిడ?” అని పడీ పడీ నవ్వి, ఎవరూ నవ్వడం లేదని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. “కొడుకు అన్న చోట కూతురు అనాలని వందసార్లు చెప్పానా లేదా?”

“చెప్పావు.”

“చెప్తే ఏం లాభం? శ్రద్ధ ఉంటేగా. వాడైతే ఇలాంటి పొరపాటు చచ్చినా...” అనబోయి ఆ మాట దగ్గరే ఆగిపోయింది అమ్మ.

“వాడు కొడుకునంటే అది పొరపాటు కాదుగా అమ్మా,” అంది చిన్నది.

గొంతు పెంచలేదు. అదే అమ్మకి ఎక్కువ కోపం తెప్పించింది. “ఎదురు సమాధానం ఒకటి! పొద్దున్నే లేచి నీతోపాటు నేనూ ఆ పాఠాలన్నీ వల్లెవేస్తున్నాను. ఎవరి కోసం?”

“ఎవరి కోసమమ్మా?”

“ఇప్పుడెందుకు ఇవన్నీ? తిననివ్వు దాన్ని. పోతే పోయింది, మళ్లీ రాస్తుంది. ఏం మునిగిపోయింది,” అన్నాడు నాన్న.

చిన్నది నాన్న వైపు తిరిగింది. “నాన్నా, షాపు నేను చూసుకోవాలని మీకు ఉందా?”

నాన్న అమ్మ వైపు చూశాడు. “మీ అమ్మకి ఆశగా ఉంది కదా అని...” అన్నాడు.

“నాకా?” అంది అమ్మ. “షాపు మీది. మీరు బెంగ పెట్టుకుంటారని కదా నేను...”

“నేనెప్పుడు బెంగ పెట్టుకున్నాను? షాపుకి మనిషిని పెట్టుకోవచ్చు. దానికి కూతురే అక్కర్లేదు.”

“బాగుంది సంబడం,” అంది అత్త. ఎవరూ అందుకోకపోయేసరికి ఆవిడ కూడా తల దించుకుని, “షాపు ఎవరు చూస్తారని ఆరోజు నోరు జారింది నేనేలే,” అంది మెల్లగా.

చిన్నదే మళ్లీ మాట్లాడింది. అదే చదును గొంతు.

“పోయినసారి నేను ఫెయిలైనప్పుడు నువ్వు బాధపడలేదమ్మా. తిడతావనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసి, ‘మళ్లీ మొదట్నుంచి చెప్పు’ అన్నావు. నీ మొహం వెలిగిపోయింది. నేను చూశాను.”

అమ్మ గరిటె కింద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

“నువ్వు అవి చెప్తుంటే వాడు మాట్లాడుతున్నట్టే ఉండేదే. అదే స్టూలు, అవే సీసాలు. నేను స్టవ్ వైపు తిరిగి నిలబడేదాన్ని, నువ్వు కనబడకుండా. పాసైపోతే ఇక చెప్పవు కదా. పుస్తకం మూసేస్తావు.” చేతులతో మొహం కప్పుకుంది. “నువ్వు పాసవ్వకూడదని ఎన్నడూ అనుకోలేదు. ఒట్టు. కానీ పాసవ్వాలని కూడా గట్టిగా అనుకోలేకపోయాను. ఏం తల్లినే నేను?”

నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అత్త ఏడుస్తోంది. అందరిలోకీ పొడికళ్లతో ఉన్నది చిన్నదొక్కతే.

“నాకు ఏడుపు రావడం లేదమ్మా,” అంది. “అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ రాలేదు. మీరంతా ఏడ్చారు. నేను రోజూ పొద్దున్నే వాడి మాటలు మాట్లాడుతున్నాను, వాడు నవ్విన చోట నవ్వుతున్నాను. ఇంక వాడు పోయినట్టు ఎలా ఉంటుంది? నేనే పోయినట్టుంది.”

అమ్మ చేతులు దించింది. కూతురి మొహాన్ని కొత్తగా చూసినట్టు చూసింది. నుదురు, కళ్లు, చెంప మీద మచ్చ, అన్నీ ఈ పిల్లవే. ఏడాదిన్నరగా ఈ మొహానికి వీపు పెట్టి నిలబడింది తను.

“ఇంకేం అడిగిందే ఆవిడ?” అంది చివరికి.

“ఇంతకుముందు ఏం చదివేదానివని అడిగింది. గుర్తులేదని చెప్పాను.”

“గుర్తులేదా?”

“ఉంది.”

“అయితే నాకు చెప్పు.”

“నీకు తెలుసుగా.”

“తెలీదే. ఎగతాళి చెయ్యడమే గానీ ఎప్పుడు అడిగాం కనక? చెప్పు. ఎందుకు చేరావు ఆ రాళ్ల...” అని సర్దుకుని, “ఆ చదువులో?” అంది.

చిన్నదానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. దీనికి పేజీ నంబరు లేదు. తడబడుతూ, ఆగి ఆగి చెప్పింది. రెండో తరగతిలో ఉండగా బడి దారిలో రోడ్డు వెయ్యడానికి కంకర కుప్ప పోశారని, అందులో ఒక ముక్క విరిగిన చోట మెరిసిందని, బయట మామూలుగా ఉన్నది లోపల అలా ఎందుకుంటుందో ఎవరినడిగినా చెప్పలేదని చెప్పింది. “అప్పట్నుంచీ ఏరేదాన్నమ్మా. రోజూ. నా జేబులు నిండిపోతే అన్నయ్య జేబుల్లో వేసేదాన్ని. బరువుకి వాడి నిక్కరు జారిపోతుంటే రెండు చేతులతో పట్టుకుని నడిచేవాడు...”

“ఆ జేబులు చిరిగింది నీ రాళ్ల వల్లా?” అంది అమ్మ. “ప్రతి వారం కుట్టేదాన్ని. గోళీలు వేస్తున్నాడని వీపు మీద నాలుగు తగిలించేదాన్ని కూడా. ఒక్కసారీ చెప్పలేదే వాడు.”

“చెప్పొద్దన్నాను. చెప్తే నా రాళ్లు పారేస్తావని.” చిన్నది ఇంకేదో చెప్పబోయింది. “దెబ్బలు తిని వచ్చి, ఇంక ఏరకే అనేవాడమ్మా. మర్నాడు పొద్దున్న మళ్లీ తనే జేబు తెరిచి పట్టుకునేవాడు...”

మాట అక్కడ తెగిపోయింది. “అమ్మా, అన్నయ్య లేడమ్మా,” అంది, ఆ సంగతి ఇప్పుడే ఎవరో తనకి చెప్పినట్టు. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి ఆమే భయపడింది. బల్ల మీద తల వాల్చి, వెక్కి వెక్కి, ఊపిరి అందక ఏడ్చింది. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, కూతురి తల తన ఒళ్లోకి తీసుకుంది. నాన్న వచ్చి వెనక నిలబడి, ఏం చెయ్యాలో తెలియక వీపు మీద చెయ్యి వేశాడు. ఊరుకోమని ఎవరూ అనలేదు.

కూర చల్లారిపోయింది. వెక్కిళ్లు కాస్త నెమ్మదించాక అమ్మ కొంగుతో చిన్నదాని మొహం తుడిచింది.

“ఊఁ,” అంది. “తర్వాత?”