అమరుడి గొంతు

ఇనుప ఫిరంగి గుండు యంత్రంలో మెల్లగా తిరుగుతోంది. దాని మీద సన్నని నీలిరంగు లేజర్ కిరణం పాకుతోంది. స్పీకర్‌లో మొదట రేకుల మీద వాన పడుతున్నట్టు గరగర వినిపించింది. తర్వాత ఆ గరగరలోంచి ఒక లయ తేలింది. ఎవరో బరువైనవి ఎత్తి వేస్తున్నారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆడవాళ్ళు పాడుతున్నారు.

మాజీ సుబేదార్ ఎర్రినాయుడు కుర్చీలో ముందుకి వంగాడు.

"ఈ పాట మా యమ్మ పాడీది. పిండి దంచినప్పుడు."

"మీ అమ్మగారు పిండి దంచుతూ పాడారు. ఈ గుండు పోత పోసిన రోజున వీళ్ళు బొగ్గు చితక్కొడుతూ పాడారు," అన్నాడు డాక్టర్ త్రినాథ్. "కోట కూలిపోయింది, ఫిరంగులు తుప్పు పట్టాయి. పాట మాత్రం నడుచుకుంటూ వచ్చి మన వంటింట్లో కూర్చుంది."

త్రినాథ్ తన యంత్రానికి శబ్దశేషిణి అని పేరు పెట్టాడు. దాని సూత్రం అర్థం కానిదేమీ కాదు. వేడి లక్క మీద ముద్ర నొక్కితే ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. శబ్దం కూడా ఒక ఒత్తిడే. కరిగినది గట్టిపడే సమయంలో పక్కన ఎవరైనా మాట్లాడితే, ఆ గాలి అదురు పొరలు పొరలుగా అందులో ఇరుక్కుపోతుంది. లేజర్ ఆ పొరల్ని చదువుతుంది. కంప్యూటర్ వాటిని మళ్ళీ గొంతుగా మారుస్తుంది. అక్కడక్కడా మాట చెరిగిపోయి ఉంటే, అప్పటిదాకా విన్న గొంతు తీరును పట్టుకుని ఆ ఖాళీని కూడా పూరిస్తుంది.

త్రినాథ్ విన్నవాటిలో ఎక్కువ భాగం యుద్ధానికి చెందినవే. రాజులు లోహాన్ని ఎక్కువగా కరిగించింది అందుకే మరి. కోట కావలివాళ్ళు గస్తీ మారేటప్పుడు వేసుకునే కేక ఇప్పుడు పిల్లల దాగుడుమూతల్లో ఉంది. సైనికులకి అడుగు కలపడానికి కొట్టిన దరువు పెళ్ళి మేళంలో ఉంది. గెలిచిందెవరో ఓడిందెవరో ఎవరికీ గుర్తులేదు. అలవాట్లు మిగిలాయి.

ఎర్రినాయుడు తను తెచ్చిన పెట్టె తెరిచాడు. అందులో ఇటుకంత గట్టి నురుగు దిమ్మ ఉంది, పసుపురంగుది.

"పైడిరాజు పోయిన బంకర్లోది. మంచుగట్టు యుద్ధంలో చలిగాలి రాకుండా పగుళ్ళు మూసీడానికి ఈ నురుగు కొట్టీవోళ్ళం. ఇది కాసేపట్లో రాయైపోద్ది. నీ యంత్రానికి ఇది పనికొస్తాదేటి, డాక్టరు బాబూ?"

త్రినాథ్ దిమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"పనికొస్తుంది," అన్నాడు.

పైడిరాజు త్రినాథ్ భార్య రత్నానికి మొదటి భర్త.

పైడిరాజుదీ ఎర్రినాయుడిదీ శ్రీకాకుళం వైపు ఉన్న దండువానిపాలెం. పాలెం అంటేనే సైన్యం దిగిన చోటు. ఎప్పుడో ఏ రాజు దండో అక్కడ గుడారాలు వేసుకుంది. దండు వెళ్ళిపోయినా పేరు ఉండిపోయింది. ఆ పేరుకి తగ్గట్టు ఇంటికొకడు సైన్యంలో చేరడం మొదలైంది. పదిహేడేళ్ళ కిందటి మంచుగట్టు యుద్ధంలో పైడిరాజు చనిపోయాక ఊరు ఇంకా మారింది. నాలుగు రోడ్ల కూడలిలో తుపాకీ పట్టుకున్న అతని కంచు విగ్రహం లేచింది. "వెనక్కి తిరగను. మా పాలెం తల దించుకోకూడదు." ఇవి అతని చివరి మాటలని పై అధికారి ఒకాయన చెప్పాడు. ఆ మాటలు బడి గోడకెక్కాయి, కబడ్డీ జట్టు బనీన్ల మీదకెక్కాయి, శుభలేఖల మీద కూడా దేవుడి బొమ్మ కింద అచ్చయ్యాయి. తాళి కట్టగానే కొత్త జంట తిన్నగా కూడలికి వెళ్ళి విగ్రహానికి దండ వేయాలన్నది ఆచారమైంది.

త్రినాథ్, రత్నం పెళ్ళి ఆ ఊళ్ళోనే జరిగింది. వాళ్ళూ వెళ్ళి దండ వేశారు. మెట్లెక్కే ముందు రత్నం మెల్లగా, "ఇష్టం లేకపోతే మానేద్దాం," అంది. "ఫరవాలేదు," అన్నాడు త్రినాథ్. దండ అందక మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. కింద జనం చప్పట్లు కొట్టారు. అవి ఎవరికోసమో అతనికి తెలుసు.

తర్వాత ఏడేళ్ళు విశాఖపట్నంలో కాపురం సవ్యంగానే సాగింది. రత్నం ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతుంది. పైడిరాజు కూతురు హైమ త్రినాథ్‌ని నాన్నా అనే పిలుస్తుంది. తండ్రి పోయినప్పుడు ఒళ్ళోని పిల్ల, ఇప్పుడు ఇంటర్ పూర్తిచేసింది. రత్నం ఎప్పుడూ పైడిరాజు ప్రస్తావన తెచ్చేది కాదు. తెస్తే బాగుండుననిపించేది త్రినాథ్‌కి. తిట్టినా పొగిడినా ఆ మనిషి కొలత తెలిసేది. కొలత తెలియనివాడితో పోటీ పడటం ఎలా? అద్దంలో తన జుట్టు పలచబడటం చూసుకున్నప్పుడల్లా, కంచు విగ్రహానికి జుట్టు రాలదు కదా అనుకునేవాడు.

ఇప్పుడు దిమ్మ చేతికొచ్చింది. అమరుల దినం నాడు ఆ చివరి మాటలు పైడిరాజు గొంతులోనే ఊరికి వినిపించాలని ఎర్రినాయుడిని పంపిన ఊరి కమిటీ కోరిక. త్రినాథ్ కోరిక వేరు. చావు ముందు ఎవరూ అంత చక్కటి వాక్యాలు చెప్పరని అతనికి అనుమానం. ఏడ్చి ఉంటాడు, పారిపోదామనుకుని ఉంటాడు. ఆ ఏడుపు ఒక్కసారి వింటే చాలు.

రత్నం బడికి వెళ్ళాక, మధ్యాహ్నం, ఇంటి కింది అంతస్తులోని ల్యాబ్‌లో యంత్రం పెట్టాడు.

ముందు నురుగు చిమ్ముతున్న బుసబుస. తర్వాత ఊపిరి. ఒక్కరిది కాదు, ఇద్దరిది. రెండో మనిషి చిన్నవాడు, ఏడుస్తున్నాడు. ఏదో పరాయి భాషలో అమ్మని పిలుస్తున్నాడు. శత్రు సైనికుడు.

"ఏడవకు," అన్నాడు పైడిరాజు వచ్చీరాని హిందీలో. "పైన మంచు పడిపోయింది. ఎవరూ రారు. తుపాకీ పారేశాను, చూడు. నీదీ పారేయ్. చేతులిలా పెట్టు. కోటు ఇద్దరికీ సరిపోతుంది."

అవతలివాడు ఏదో అడిగాడు.

"పెళ్ళయింది. రత్నం. మా రత్నానికి కోపమొస్తే తిట్టదు, పాట పాడుతుంది. ఎంత కోపమో అంత పెద్ద గొంతు. వీధిలో వాళ్ళు ఎంత బాగా పాడుతోందో అనుకుంటారు. ఇంట్లో నేను వణికి చస్తుంటాను."

ఏడుస్తున్నవాడు నవ్వాడు. పైడిరాజూ నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు, దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా ఆపకుండా నవ్వాడు. అక్కడితో నురుగు గట్టిపడింది. ఇక శబ్దం లేదు.

త్రినాథ్ మళ్ళీ మొదటినుంచి విన్నాడు. తనకి కావలసిన ఏడుపు ఎక్కడా లేదు. రత్నం పాడటం ఈ ఏడేళ్ళలో అతను ఒక్కసారి కూడా వినలేదు. తన మీద ఆమెకి అంత కోపం ఎప్పుడూ రాలేదా, అంత చనువే రాలేదా?

ఇది బయటపెడితే ఏమవుతుందో అతను ఆలోచించాడు. శత్రువుకి కోటు కప్పినవాడు, తుపాకీ పారేసినవాడు అని ఊరు గొడవ పడుతుంది. విగ్రహం ఉండొచ్చు, ఊడొచ్చు. కానీ రత్నం? ఆ నవ్వు విన్న రత్నం ముఖం అతని కళ్ళ ముందు మెదిలింది. విగ్రహం ఊరిది, దానితో ఎలాగో వేగొచ్చు. ఈ నవ్వే మనిషి మాత్రం పూర్తిగా ఆమె మనిషి.

గొంతు తీరు యంత్రం పట్టేసింది. ఖాళీలు పూరించడం దానికి తెలుసు. త్రినాథ్ దాని చేత రెండు వాక్యాలు అనిపించాడు. వెనక్కి తిరగను. మా పాలెం తల దించుకోకూడదు. చుట్టూ కొంచెం గాలి హోరు కూడా చేర్చాడు.

అమరుల దినం నాడు కూడలిలో ఇసకేస్తే రాలనంత జనం. స్పీకర్లలో పైడిరాజు గొంతు పలికింది. ఎర్రినాయుడు సెల్యూట్ చేసిన చెయ్యి దించలేకపోయాడు. తండ్రి గొంతు ఎలా ఉంటుందో ఎరగని హైమ, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది. రత్నం నేలచూపులు చూస్తూ నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆమె అంది.

"ఇన్నేళ్ళూ అది ఎవరో కల్పించిన మాట అనుకున్నానండీ. ఆయన అలా మాట్లాడే మనిషి కాదు. మీ యంత్రం ఆ సంగతి తేలుస్తుందని ఆశపడ్డాను. నన్ను కాకపోయినా పిల్లనైనా తలుచుకుని ఉంటాడనుకున్నాను." కిటికీ అద్దం దించి, "పోనీలెండి. ఆ ఊరు నాకంటే ఎక్కువ అయింది ఆయనకి. నాకు ఎప్పుడూ ఆ ఊరంటే అసూయే," అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రత్నం అతనికి కొసరి కొసరి వడ్డించింది. తను గెలిచానని అతనికి తెలిసింది. అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.

నెల తిరగకముందే ఒక ఉదయం హైమ కాఫీ కప్పు పక్కన పెట్టి చెప్పింది.

"డిగ్రీలో చేరను. సైన్యంలో ఎంపికయ్యాను. సరిహద్దు దళం. మళ్ళీ గొడవలు మొదలయ్యాయి కదా, తొందరగానే పంపిస్తారట."

రత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరిని అడిగి?"

"నాన్న అడిగాడమ్మా. పైడిరాజు నాన్న. ఆ రోజు వినిపించిన ఆయన మాటలు రోజూ ఫోన్‌లో వింటున్నాను."

త్రినాథ్ లేచాడు. ఇద్దరినీ ల్యాబ్‌లోకి తీసుకెళ్ళాడు. తను చేసినదంతా నిలబడే చెప్పాడు. అసలు దిమ్మ యంత్రంలో పెట్టి మొత్తం వినిపించాడు, బుసబుస దగ్గర్నుంచి నవ్వుదాకా.

రత్నం గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"మీరు చేసిన పని గురించి తర్వాత మాట్లాడదాం. ముందు మళ్ళీ వేయండి," అంది.

హైమ మాత్రం తలుపు దగ్గరే నిలబడింది. ఆమె ముఖంలో కోపం కంటే జాలి ఎక్కువగా కనిపించింది.

"నాన్నా, మీకు ఆయనంటే కుళ్ళు. నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకు మిమ్మల్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. కానీ ఇది చాలా దూరం వెళ్ళింది."

"అది నిజం, తల్లీ. ఊళ్ళో వినిపించిందే నేను తయారుచేసింది."

"ఏ గొంతు చేత ఏ మాటైనా అనిపించగలనని మీరే చెబుతున్నారు. రెండింట్లో ఏది తయారుచేసిందో నేనెలా తేల్చుకోను? ఊరంతా విన్నది నమ్మనా, మనం ముగ్గురం ఉన్న గదిలో మీరొక్కరే చెప్పింది నమ్మనా?"

"హైమా," అంది రత్నం. "అది మీ నాన్నే. ఆ పాట సంగతి నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు."

"నువ్వు ఈయనకి చెప్పుంటావమ్మా. నన్ను ఆపడానికి ఇద్దరూ ఒకటయ్యారు. ఆపాలనుకోవడం తప్పు కాదు. ఆయన్ని పిరికివాణ్ణి చేసి ఆపాలనుకోవడం తప్పు."

"పిరికితనం ఎక్కడుందే అందులో?" రత్నం గోడ పట్టుకుని లేచింది.

హైమ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

త్రినాథ్ ఆ రోజే పాలెం వెళ్ళాడు. ఎర్రినాయుడు వరండాలో కూర్చుని అంతా విన్నాడు. అడ్డు రాలేదు.

"నాను నమ్ముతాను, బాబూ. పైడిరాజు నాకు తెలీదేటి? ఆడు అలాంటోడే. ఆడి కంచంలో ముద్ద పక్కోడికి పెట్టీసీవోడు." ముసలాయన కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "కానీ ఇప్పుడు కాదని సెప్పినా ఎవుడూ ఇనడు. ఆ గొంతు ఇని, సైన్యంలో సేరడానికి మొన్న మైదానంలో ఎంతమంది కుర్రోళ్ళు వరస కట్టారో ఇనే ఉంటావు. ఆళ్ళ అమ్మలకి నువ్వేటి సెప్తావు? కొత్త మొగుడు పాత మొగుడి మీద అక్కసుతో అన్నాడంతారు. అదీ అబద్ధం కాదు గదా."



హైమ బయల్దేరే రోజున పాలెంలో మేళం పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు బస్సుల ముందు వరసగా నిలబడ్డారు. జెండా ఊపడానికి కమిటీ త్రినాథ్‌ని పిలిచింది. అమరుడి గొంతు తెచ్చి ఇచ్చినవాడు ఆయనే అని మైకులో చెప్పారు. స్పీకర్లలో ఆ రెండు వాక్యాలు మళ్ళీ మళ్ళీ మోగుతున్నాయి. రత్నం రాలేదు. తెల్లవారుజామున కూతుర్ని గుండెకి హత్తుకుని ఇంటి దగ్గరే ఉండిపోయింది.

హైమ యూనిఫారంలో వచ్చి త్రినాథ్ కాళ్ళకి దండం పెట్టింది.

"ఆ రోజు ఏదేదో అన్నాను. మనసులో పెట్టుకోకండి నాన్నా. మీరు వినిపించి ఉండకపోతే ఆయనెవరో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ ఒక్కదానికీ మీ రుణం తీర్చుకోలేను."

అతను ఏదో చెప్పబోయాడు. మేళం హోరెత్తింది. ఎవరో జెండా అతని చేతిలో పెట్టారు. జనం చూస్తున్నారు. అతని చెయ్యి లేచింది. బస్సులు కదిలాయి.

సాయంత్రానికి విశాఖపట్నం చేరాడు. ఇల్లంతా చీకటిగా ఉంది. కింద ల్యాబ్ తలుపు సందులోంచి మాత్రం వెలుతురు వస్తోంది. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. తట్టబోయి ఆగాడు. లోపల యంత్రం తిరుగుతోంది. పైడిరాజు నవ్వుతున్నాడు, ఆ కుర్రవాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వులతో పాటు రత్నం కూడా నవ్వుతోంది, ఏడుస్తూ నవ్వుతోంది. ఏడేళ్ళలో అంత బిగ్గరగా ఆమె నవ్వడం అతనెప్పుడూ వినలేదు.

త్రినాథ్ చెప్పులు విడిచి, తలుపు బయట మెట్టు మీద కూర్చున్నాడు. లోపల యంత్రం ఆగింది. కొంచెంసేపటికి మళ్ళీ మొదటినుంచి తిరగడం మొదలుపెట్టింది.