డోన్ చెరువులో మస్కట్ రోడ్డు

ముందున్న తెల్లకారు కదలదు. సుచరిత హారన్ మీద నుంచి చెయ్యి తీయదు.

డోన్ రైల్వే గేటు తెరిచి చాలాసేపయింది. ఆటోలు, లారీలు, పాలబండ్లు పక్కల నుంచి దూరి పోతున్నాయి. ఆ తెల్లకారు మాత్రం పెళ్లిచూపుల్లో పిల్లలా తలొంచుకుని నిలబడింది. చివరికి తలుపు తెరుచుకుంది. పొడుగాటి కుర్రాడొకడు దిగి, తీరిగ్గా నడిచొచ్చి, ఆమె కిటికీ దగ్గర వంగాడు.

"పిలిచినారా మేడం?"

"పిలవల్యా, అరుస్తాండా. చెవుడా మీకు?"

"ముందర అవ్వ మేకల్ని దాటిస్తాండాది. హారన్ కొడితే బెదురుతాయని ఆగినా."

చూస్తే నిజమే. ఊళ్లో మేకలు కాసే ముసలి బసమ్మ ఆఖరి మేకను అదిలిస్తూ రోడ్డు దాటుతోంది. సుచరితకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడల్లా కోపం తెచ్చుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"ఇట్ల నోరు మూసుకోని నిలబడనీకె ఇదేమన్నా మస్కట్టా?"

"నేనుండేది మస్కట్లోనే. మీకెట్ల తెలుసు?"

సుచరిత చెయ్యి హారన్ మీద నుంచి జారింది. ఆమె ఉండేదీ అక్కడే మరి.

టీకొట్టు దగ్గర కోపం చల్లారింది, టీ కూడా చల్లారింది, కథంతా బయటికొచ్చింది. సుచరిత ఫిజియోథెరపిస్టు. మస్కట్‌లో ఇంటింటికీ వెళ్లి రోగుల మోకాళ్లు, నడుములు చూడాలి. సొంతంగా కారు నడుపుకుని పోగలిగితేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు క్లినిక్ వాళ్లు. ఆమె ఇండియా లైసెన్సు అక్కడ చెల్లలేదు. కొత్తగా టెస్టుకు వెళ్లింది. డ్రమ్ముల మధ్య వెనక్కి పార్కింగు, పాస్. ఎత్తు మీద కారు జారకుండా నిలపడం, పాస్. రోడ్డు టెస్టు మాత్రం రెండుసార్లు తప్పింది.

"ఏం తప్పు చేసినారు?"

"హారన్" అంది సుచరిత నేల చూపులు చూస్తూ. "మలుపులో ఒగటి, పావురానికి ఒగటి, పక్కన పోయే పెద్దాయనకు మర్యాదగా ఒగటి."

అతనికి టీ పొలమారింది.

ఆ మర్యాద ఆమెకు నేర్పింది తండ్రి రామకోటయ్య. డోన్ బజార్లో బట్టల కొట్టు ఆయనది. హారన్ కొట్టకుండా మనిషి పక్కనుంచి పోవడమంటే పలకరించకుండా ఇంట్లో దూరడమే, ఆయన లెక్కలో. సెలవులో వచ్చిన కూతురికి షరతు పెట్టింది కూడా ఆయనే. "ఈ తూరి గూడా పోతే ఇంటికొచ్చెయ్ తల్లీ. ఈడ మోకాళ్లకు కరువా? నావే రెండుండాయి."

సుచరిత సరేనంది. అన్నదే గానీ, సొంత సంపాదన, సొంత గది, తన కోసం ఎదురుచూసే రోగులు, అన్నీ వదిలి రావడానికి మనసొప్పలేదు.

"నేను నేర్పుతా" అన్నాడతను. "కారు నడపడం కాదు, హారన్ కొట్టకుండా ఉండటం."

పేరు తేజేశ్వర్. కడపలో కిరాణా కొట్టు వాళ్ల అబ్బాయి. మంగంపేట గనుల ముగ్గురాయిని ఒమన్ నూనెబావుల తవ్వకానికి అమ్మే మస్కట్ కంపెనీలో పని. రైలు లోడింగు చూసుకోవడానికి కొన్నాళ్లు డోన్ వచ్చాడు. కారు డిక్కీ నిండా సంచుల్లో తెల్లటి శాంపిల్ పొడి ఉంది.

మర్నాడు ఊరి బయట ఎండిన చెరువులో ఆ పొడితో మస్కట్ రోడ్లు గీశాడు. రౌండబౌట్లు, జీబ్రా గీతలు, ఒక పెట్రోలు బంకు కూడా. రామకోటయ్య కొట్టు కారుకు హారన్ తీగ పీకేశాడు. వెనక సీట్లో రామకోటయ్య కాపలా కూర్చున్నాడు.

"కొట్టమ్మా హారన్! కుక్క వస్తాండాది!"

"కుక్కకు కండ్లుండాయి పెద్దాయనా" అన్నాడు తేజేశ్వర్.

"డోన్ కుక్కల సంగతి నీకేం తెలుసప్పా!"

అలవాటు కొద్దీ సుచరిత అరచెయ్యి హారన్ మీద పడుతూనే ఉంది. అది మూగగా ఉండేసరికి నోటితోనే "పీప్" అనేసింది. గట్టు మీద మేకలు కాస్తున్న బసమ్మ పకపకా నవ్వింది.

"ఏమే తల్లీ, కారుకు గొంతు పోయి నీకొచ్చినాదా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు."

రామకోటయ్యను గట్టు మీదికి పంపించి, తేజేశ్వర్ జీబ్రా గీతల దగ్గర నిలబడ్డాడు. "నేను రోడ్డు దాటేవాణ్ణి. ఆపి, నా కండ్లలోకి చూడండి. ఆగుతానో దాటుతానో నా చూపే చెప్తాది. హారన్‌తో చెప్పే పని చూపుతో చెప్పాల."

సుచరిత కారు ఆపింది. చూసింది. ఎండకు చిట్లించిన కళ్లు, వాటి అంచున దాచుకున్న నవ్వు. ఇంకొంచెం చూసింది.

"అంతసేపు అక్కర్లేదు" అన్నాడతను, చెవులు ఎర్రబడుతుంటే.

"మీ కండ్లు సరిగ్గా చెప్పడంల్యా. అందుకే మళ్లీ చూస్తాండా."

ఆ రోజు నుంచి పాఠం కాస్త నెమ్మదిగా సాగింది. గురువుకూ తొందర లేదు, శిష్యురాలికీ లేదు. ముందు హారన్ మరిచిపోయింది చెయ్యి, తర్వాత నోరు.

ఒక సాయంత్రం డోన్‌కు అరుదైన చుట్టం వచ్చింది. వాన! నాలుగు చినుకులతో మొదలై దబదబా దంచేసింది. రామకోటయ్య తువ్వాలు నెత్తిన వేసుకుని బసమ్మ గుడిసెలోకి పరిగెత్తాడు. కారులో ఇద్దరే మిగిలారు. అద్దం ముందు మస్కట్ రోడ్లన్నీ తెల్లగా కరిగిపోతున్నాయి.

"పాయె, మీ ఊరు మునిగిపాయె" అంది సుచరిత.

"మన ఊరు" అన్నాడు తేజేశ్వర్.

ఆ మాట వెనకాల ఇంకో మాట ఉందని ఆమెకు తెలిసిపోయింది. అతను నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు.

"ఏమో చెప్పబోయినారు?"

"టెస్టు అయినాక చెప్తా."

"ఫెయిలైతే?"

"అయినాక చెప్తా అంటి గదా."

సుచరితకు చురుక్కుమంది. ఓహో, అదా సంగతి. పాసైతే మస్కట్ పిల్ల, ఫెయిలైతే డోన్ పిల్ల. డోన్ పిల్లతో ఈయనకేం పని? ఆ తర్వాత పాఠాలకు వచ్చింది గానీ, "ఊ", "ఊహూ" తప్ప మాట్లాడలేదు. అతను మంగంపేట వెళ్లి, అటునుంచటే విమానం ఎక్కేశాడు.

మస్కట్‌లో టెస్టు రోజు సెంటరు గేటు బయట అతను నిలబడి ఉన్నాడు. సుచరిత చూసీ చూడనట్టు లోపలికి వెళ్లిపోయింది. లోపలి బెదురు టెస్టు గురించో అతని గురించో ఆమెకే తెలియలేదు.

టెస్టు పెట్టే పోలీసాయన పక్కన కూర్చున్నాడు. కుడిపక్క రోడ్డు, మెత్తటి మలుపులు, రౌండబౌటు, అన్నీ సాఫీగా సాగాయి. ఇంతలో సందులోంచి ఒక ముసలాయన సరుకుల బండి తోసుకుంటూ వచ్చి, రోడ్డు అంచున తటపటాయించాడు. దాటడు, ఆగడు.

అరచెయ్యి దురదపెట్టింది. వెనకకారు వాడు కొట్టనే కొట్టాడు హారన్. సుచరిత చెయ్యి కదల్లేదు. కారు మెల్లగా ఆపి, ముసలాయన కళ్లలోకి చూసి, తల ఊపింది. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని, నవ్వి, దాటాడు.

పోలీసాయన సెంటరు దాకా నడిపించాడు. కారు ఆపించి, కాగితం మీద సంతకం గీకి, ఆమె చేతిలో పెట్టాడు.

"ఖలాస్" అన్నాడు, అయిపోయిందన్నట్టు. "పాస్."

సుచరిత ఏడ్చింది, నవ్వింది, ఆయనకు దండం పెట్టింది. గేటు బయటికొచ్చి తేజేశ్వర్ ముందు ఆ కాగితం చాచింది.

"పాసైనా. ఇంగ చెప్పొచ్చులే నీ మాట. నాకు గాదు, ఈ కాగితానికి చెప్పు."

మీరు కాస్తా నువ్వయిందని ఇద్దరూ గమనించలేదు. తేజేశ్వర్ ఆమె మొహంలోకి బిత్తరపోయి చూశాడు.

"అట్లనుకున్నావా? నువ్వు ఫెయిలైతే నేనూ మంగంపేట ఆఫీసుకే వచ్చేస్తానని మా బాసుకు చెప్పి పెట్టినా సుచరితా. అది నీకు ముందే చెప్తే, పోతే పోనీలే అనుకోని టెస్టు వదిలేస్తావేమోనని భయపడినా. నువ్వు గెలవాలనుకున్నా. డోన్ గానీ, మస్కట్ గానీ, నాకు నీతో ఉండాల. అంతే."

సుచరితకు ఇన్నాళ్ల కోపం ఒక్కసారిగా దిగిపోయింది. ఆ దిగిన చోటల్లా సంతోషం నిండిపోయింది. "నువ్వంటే నాకు శానా ఇష్టమప్పా" అంది, నడిరోడ్డు మీద, గట్టిగా. "ఆ జీబ్రా గీతల కాడ నిలబడినప్పటి నుంచే!"

అప్పుడు ఫోను చేసింది. డోన్ బజారు రొద మధ్యలోంచి రామకోటయ్య గొంతు వినిపించింది.

"నాయనా, పాసైనా!"

అవతల కొట్టులో కేక పుట్టింది. ఉన్నవాళ్లందరికీ సోడాలు తెప్పిస్తున్న హడావిడి వినిపించింది. కాస్త సద్దుమణిగాక ఆయన గొంతు తగ్గించాడు. "పక్కన ఆ ముగ్గురాయి పిల్లోడుండాడా? ఫోనియ్యి."

తేజేశ్వర్ ఫోను అందుకున్నాడు. "చెప్పండి పెద్దాయనా."

"ఏం చెప్పేదప్పా? ఆ వాన దినమే బసమ్మ గుడిసెలోంచి చూసినా. ఇద్దరూ ఉలుకూ పలుకూ ల్యాకుండా కూచోనుంటిరి. అప్పుడే అర్థమయినాది. ఎప్పుడు అడుగుతావా అని చూస్తాండా."

"ఇప్పుడు అడుగుతాండా" అన్నాడు తేజేశ్వర్. "మీ పాపను నాకియ్యండి."

ఆయన ముక్కు చీదుకున్నాడు.

"మీ నాయన నంబరు పంపు, నేను మాట్లాడతా. పాపకు గూడా చెప్పు. ఇంటికొచ్చెయ్ అంటి గదా, ఆ మాట ఎనక్కి తీసుకుంటాండా. గెలిచిన కాడ ఉండనీ నా బిడ్డను. పెండ్లికి మాత్రం ఇద్దరూ రాండి."