ఉగ్గుగిన్నె ఖాళీ చేసిందెవరు?

సింధూరికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తను ముందుగదిలో ఉండగా, లోపలి గదిలో నాయనమ్మ చప్పుడు లేకుండా చచ్చిపోతుందేమోనని.

ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందేమోనని అదింకో భయం.

వేసవి సెలవులు. మిట్టమధ్యాహ్నం. గుణదలలో ఎండ మాడ్చేస్తోంది. కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగిపోయాయి. ముందుగదిలో చల్లటి గచ్చు మీద సింధూరి, కింద వాటాలో ఉండే మెహరాజ్ బోర్లా పడుకుని ఫోన్లో రంగురంగుల జిగురు ముద్దలు పిసికే స్లైమ్ వీడియోలు చూస్తున్నారు.

లోపలి గదిలోంచి మాట వినిపించింది.

"ముందు మీరు కానివ్వండి. నాకేం తొందర?"

మెహరాజ్ తల ఎత్తింది. "మీ నాయనమ్మ ఎవరితో మాట్లాడతందే?"

"ఎవరితోనూ కాదు. లోపల ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే మీరూ గీరూ అని అంత మర్యాదేంటే?"

సింధూరి లేచి గుమ్మం కర్టెన్ తొలగించి చూసింది. గదిలో నాయనమ్మ పద్మావతమ్మ ఒక్కతే మంచం మీద గోడకి చేరగిలబడి ఉంది. ఎండ రాకుండా, మంచాన్ని ఆనుకుని ఉన్న కిటికీకి దళసరి తెర వేసి ఉంది. గోడ మీద ఫొటోలోంచి చనిపోయిన తాతయ్య రామకోటేశ్వరరావు చూస్తున్నాడు. మంచానికీ గుమ్మానికీ మధ్య స్టూలు మీద ఉగ్గుగిన్నె ఉంది. ఇందాక సింధూరి నిండా పోసి పెట్టిన రాగిజావ అందులో లేదు. అడుగున ఒక్క చుక్క కూడా లేదు.

"తాగేశావా నాయనమ్మా?"

నాయనమ్మ కళ్ళు మూసుకునే తల ఊపింది.

సింధూరి స్టూలు మీది పళ్ళెంలోంచి ఒక చింతపిక్క తీసి, పక్కనున్న చిన్న గిన్నెలో వేసింది. టప్‌మని చప్పుడైంది. అంతే, మళ్ళీ పరిగెత్తుకుంటూ స్లైమ్ దగ్గరికి వచ్చేసింది.

ఆ చింతపిక్కల పద్ధతి అమ్మ భానుశ్రీ పెట్టింది. నాయనమ్మకి ఆపరేషన్ చేసి జీర్ణాశయంలో చాలా భాగం తీసేశారు. ఇప్పుడు ఆవిడ అందరిలా తినలేదు. కొంచెం కొంచెంగా, చాలాసార్లు తినాలి. నీళ్ళూ జావా మజ్జిగా అయితే గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగుతూ ఉండాలి. "ఎంత తిన్నారో, ఎంత తాగారో దేనికది లెక్క చూసుకోండి. ఒంట్లో నీరు తగ్గితే ప్రమాదం," అని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

అందుకే అటక మీది ఉగ్గుగిన్నె కిందికి దిగింది. నాయనమ్మ తాగినప్పుడల్లా ఒక చింతపిక్క జరపాలి. తిన్నప్పుడల్లా ఒక గవ్వ జరపాలి. "సాయంత్రం నేనొచ్చేసరికి పళ్ళెం ఖాళీ అయ్యుండాలి. నీదే బాధ్యత, బంగారం," అని చెప్పి అమ్మ మగ్గం వర్క్ షాపుకి వెళ్ళిపోయేది. నాన్న గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ రాగానే గిన్నె చూసి సంతోషించింది. పిక్కలన్నీ అందులోనే ఉన్నాయి. గవ్వలు కూడా. తర్వాత నాయనమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతి మీద చర్మం మెల్లగా గిల్లి వదిలింది. చర్మం కిందికి దిగలేదు. అలాగే గుడారంలా నిలబడిపోయింది.

"లెక్క సరిపోయింది. మనిషేంటి ఇలా ఎండిపోతంది?" అని అమ్మ తనలో తను అనుకుంది. నాయనమ్మ నాలుక తెల్లగా, గరుకుగా ఉంది.

"సింధూ, నువ్వు చూస్తుండగానే తాగిందా?"

సింధూరి గవ్వలు సర్దుతూ తల ఊపింది. "ఆ, చూశానమ్మా."

చిన్న మాటే. కానీ ఆ రాత్రి అన్నం తింటుంటే అది గొంతులోనే ఉన్నట్టనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంకో చప్పుడు మొదలైంది.

టక్. టక్. టక్.

లోపలి గదిలోంచి. ఎవరో గోరుతో గచ్చు మీద కొట్టినట్టు. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆ తర్వాత నాయనమ్మ గొంతు, చాలా మెల్లగా. "దాహంగా ఉన్నారు కదూ. తాగండి. మొత్తం తాగండి."

మెహరాజ్ ఫోన్ ఆపేసింది. "నేను కిందకి పోతన్నా. మా అమ్మ పిలుస్తంది."

"ఎక్కడ పిలిచింది? నాకు వినపళ్ళేదే!"

"ఇప్పుడు పిలుస్తదిలే," అని మెహరాజ్ రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళిపోయింది.

సింధూరి ఒక్కతే మిగిలింది. గుమ్మం దగ్గర నిలబడి, "నాయనమ్మా, ఎవరొచ్చారు?" అని అడిగింది.

"మీ తాతయ్యే. పాపం, కాలు కుంటుకుంటూ వచ్చారు. ఈ ఎండలో."

సింధూరి వీపు మీద చల్లటి చెయ్యి ఎవరో వేసినట్టయింది. తాతయ్యకి నిజంగానే కుడికాలు కుంటి. ఉయ్యూరులో చెరుకు బండి మీద నుంచి పడ్డప్పటి నుంచి. ఆ సంగతి సింధూరి వినడమే గానీ చూడలేదు. తను పుట్టకముందే ఆయన పోయాడు.

చూసింది. గదిలో ఎవరూ లేరు. ఉగ్గుగిన్నె మాత్రం ఖాళీ. నాకేసినట్టు మెరుస్తోంది.

ఆ రోజు నుంచి సింధూరి ఆ గదిలో నిలబడటం మానేసింది. ఊపిరి బిగబట్టి వెళ్ళి, ఫ్లాస్కులోంచి జావ పోసి, ఇడ్లీ ముక్క పెట్టి, ఒక్క పరుగున బయటికి వచ్చేది. కాసేపాగి కర్టెన్ పక్కనుంచి చెయ్యి మాత్రం లోపలికి చాచి, తడుముకుని, పిక్క జరిపేది. కళ్ళు ఫొటో వైపు పోకుండా గట్టిగా మూసుకునేది.

సాయంత్రాలు పిక్కల గిన్నె నిండుగానే ఉండేది. నాయనమ్మ మాత్రం పక్కలో రోజురోజుకీ చిన్నదైపోతోంది. అమ్మ హాస్పిటల్‌కి ఫోన్ చేసి, "బాగానే తాగుతన్నారండీ, లెక్క ఉంది మా దగ్గర," అని చెబుతుంటే సింధూరి వంటగదిలోకి పోయి నిలబడేది.

ఒక మధ్యాహ్నం అసలు ఏ చప్పుడూ వినిపించలేదు.

మాట లేదు. టక్ టక్ లేదు. దగ్గు కూడా లేదు. వీధిలో కుక్క అయినా మొరగడం లేదు. సింధూరి చెవులు రిక్కించి కూర్చుంది. కర్టెన్ గాలి లేకుండానే కొంచెం కదిలినట్టనిపించింది.

"నాయనమ్మా?"

ఇంకోసారి, ఈసారి గట్టిగా పిలిచింది.

కిందికి పరిగెత్తి మెహరాజ్ వాళ్ళమ్మని పిలుద్దామనుకుంది. కాళ్ళు మెట్ల వైపు తిరిగాయి కూడా. ఈలోగా లోపల ఏం జరిగిపోతుందో అనిపించింది. వెనక్కి తిరిగి, కర్టెన్ లాగి, లోపలికి నడిచింది.

నాయనమ్మ కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదాలు బీటలు వారి ఉన్నాయి. సింధూరిని చూసి, "నువ్వెవరమ్మా?" అంది. "ఎవరి పిల్లవి? ఆయన్ని లోపలికి రమ్మను, ఎండలో నిలబడ్డారు."

కిటికీ తెర ఒక మూల పక్కకి జరిగి ఉంది. ఆ సందులోంచి ఒక నల్లటి కన్ను సింధూరిని చూస్తోంది.

సింధూరి కెవ్వున అరిచింది. రెక్కల చప్పుడైంది. అయినా తెర లాగేసింది.

కాకి. పెద్ద కాకి. ఊచల అవతల సిమెంటు గట్టు మీద ఒక కాలు ఎత్తి నిలబడి ఉంది. దాని ముందు మట్టి మూకుడు. మూకుట్లో రాగిజావ. పక్కనే ఇడ్లీ ముక్కలు కొన్ని మెత్తగా, కొన్ని ఎండిపోయి, చీమలు పట్టి ఉన్నాయి. కాకి సింధూరిని చూస్తూనే ముక్కు ముంచి, పైకెత్తి, మింగింది. ఎగిరిపోలేదు.

ఆపరేషన్‌కి ముందు నాయనమ్మ రోజూ పిట్టగోడ మీద కాకికి మొదటి ముద్ద పెట్టేది. పెద్దవాళ్ళకి పెట్టందే తను తినేది కాదు. తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఆయన తిన్నాకే తినడం అలవాటు. ఆయన పోయాక ఆ వాటా కాకిది. పళ్ళెం నిండా అన్నం ఉన్నప్పుడు ఒక ముద్ద పోతే ఏమీ తెలిసేది కాదు. ఉగ్గుగిన్నెలో ఆ వాటా పోతే ఇక మిగిలేదేముంది? అసలే ఆకలి చచ్చిపోయిన మనిషి. ఆ మిగిలింది కూడా ఊచల సందులోంచి ఆయనకే పోసేసింది.

సింధూరి అమ్మకి ఫోన్ చేసింది.

"అమ్మా, తొందరగా రా. నాయనమ్మ నన్ను గుర్తుపట్టట్లేదు."

అమ్మ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఆటోలో నాయనమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, గిన్నెడు పిక్కలు గుర్తొచ్చి, "ఇంత తాగిన మనిషికి ఇదేంటమ్మా!" అని ఏడ్చింది. ఆటో ఏలూరు కాలువ పక్కనుంచి పోతోంది. సింధూరి ఇక ఆపుకోలేకపోయింది.

"తాగలేదమ్మా. నేను చూళ్ళేదు. గిన్నె ఖాళీ అయితే తాగిందనుకున్నా. నువ్వడిగితే చూశానన్నా. అంతా కాకికి పోసేసిందమ్మా."

అమ్మ కొట్టలేదు. తిట్టలేదు. అదే సింధూరికి కష్టంగా ఉంది. కాసేపటికి అమ్మ చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది.

"డాక్టర్‌కి ఇదంతా ఇట్టాగే చెప్పు. ఒక్క ముక్క దాచకుండా చెప్పు."

సింధూరి చెప్పింది. వెంటనే సెలైన్ ఎక్కించారు. నాయనమ్మ తెల్లారి కళ్ళు తెరిచి, "సింధూ, జడ ఎవరేశారే, గడ్డివాములా ఉంది," అంది. అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.

ఇంటికొచ్చిన మొదటి మధ్యాహ్నం, సింధూరి కిటికీ తెర బార్లా తీసింది. మూకుడు కడిగి, అందులో కొంచెం జావ వేరేగా పోసి గట్టు మీద పెట్టింది.

"ఇది తాతయ్యది. ఉగ్గుగిన్నెలోది నీది."

"బాగానే ఉంది," అంది నాయనమ్మ. గిన్నె చేత్తో పట్టుకుంది. తాగలేదు. గట్టు వైపు చూస్తూ కూర్చుంది. "ఆయన ఇంకా రాలేదే."

"వస్తాడులే. నువ్వు తాగు."

"ఆయన ముట్టకుండా నేనెట్టా తాగుతానే?"

కాకి రాలేదు. ఎండకి గట్టు మీద జావ అంచులు గట్టిపడుతున్నాయి. ముందుగదిలోంచి మెహరాజ్ కేక వేసింది.

"సింధూ, రావే! వీడియోలో వాడు బకెట్ నిండా స్లైమ్ చేశాడు!"

"నువ్వు చూడు. నేను రాను."

సింధూరి మంచం అంచున కూర్చుంది. "సరే నాయనమ్మా. నువ్వు తాగేదాకా నేనూ మంచినీళ్ళు ముట్టను."

"చాల్లే, వేళాకోళం."

వేళాకోళం కాదు. కరెంటు లేదు. సింధూరి జుట్టులోంచి చెమట కారుతోంది. నాలుక అంగిలికి అంటుకుపోతోంది. మెహరాజ్ బాటిల్ తెచ్చి ఇవ్వబోతే తల అడ్డంగా ఊపింది. నాయనమ్మ ఆమె ఎండిన పెదాల వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. మళ్ళీ ఆమె పెదాల వైపు చూసింది.

"మొండి పిల్లా! నీకెవరు నేర్పారే ఈ బుద్ధులు?" అని గొణుక్కుంటూ ఉగ్గుగిన్నె నోటికి ఆనించింది.

సింధూరి ఆవిడ గొంతు వైపే చూస్తోంది. ముడతల కింద చిన్న కదలిక. ఒక గుక్క. ఆగింది. మళ్ళీ కదిలింది.

అప్పుడే వెనక, గట్టు మీద ఏదో వాలింది.

టక్.

సింధూరి మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తల తిప్పలేదు. నాయనమ్మ గొంతు మీద నుంచి చూపు కదలనివ్వలేదు.

ఇంకో గుక్క.

"ఇక చాలమ్మా. సయించట్లేదు."

ఉగ్గుగిన్నె వంచి చూసింది సింధూరి. సగం ఉంది. పళ్ళెంలోని పిక్క వైపు చెయ్యి పోయింది. వెనక్కి తీసుకుంది.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి పళ్ళెంలో పిక్కలు ఇంకా చాలానే ఉన్నాయి. సింధూరి ఎదురెళ్ళి చెప్పింది.

"మధ్యాహ్నం సగమే తాగిందమ్మా. ఆ తర్వాత మజ్జిగ పూర్తిగా తాగింది. ఇడ్లీ ముక్క నమిలి ఊసేసింది. అన్నీ నా ఎదురుగానే."

అమ్మ ఫోన్ తీసి హాస్పిటల్‌కి చేసింది. ఈసారి సింధూరి వంటగదిలోకి పోలేదు. పక్కనే నిలబడి, అమ్మకి గుర్తురానివి అందించింది. అవతలి నుంచి నర్సు ఏమి పట్టాలో, ఎంతెంత పట్టాలో చెబుతోంది. అమ్మ "సరేనండీ, సరేనండీ" అంటోంది. సింధూరి అప్పటికే ఉగ్గుగిన్నె కడగడానికి తీసుకెళ్ళింది.

పిల్లలూ, మీ ఇంట్లోనో పక్కింట్లోనో కొంచెం కొంచెంగా తింటూ కోలుకుంటున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఈ పుస్తకం ఇక్కడ బోర్లించి, ఒక్కసారి వెళ్ళి చూసి రండి. గిన్నె ఖాళీగా ఉంది కదా అని గుమ్మంలోంచే తిరిగి రాకండి. వాళ్ళు గుక్క మింగేదాకా పక్కన కూర్చోండి.