చెన్నయ్య పేరు తర్వాత

నల్లగొండలో భిక్షం సారు ఇంటి ముందరి అర్రలో రోజూ సాయంత్రం ఐదింటికి పదిమంది పిల్లలు చాపల మీద కూర్చునేవారు. అందరిదీ ఒకటే యావ, హైదరాబాదులో మెడికల్ కాలేజీ సీటు. సారు నిజాం కాలం నుంచి బడిలో పనిచేసి రిటైరైన మనిషి. జంతుశాస్త్రం చెప్పడంలో ఆయనను మించినవాడు జిల్లాలో లేడనేవారు. చాదస్తంలోనూ అంతే. హాజరు పిలవనిదే పుస్తకం తెరవనిచ్చేవాడు కాదు. "ప్రెజెంట్ సార్" అంటే విననట్టే ఊరుకుని, "హాజర్ సార్" అన్నాకే పేరు ఎదుట గీత గీసేవాడు.

జానయ్యకు ఆ హాజరంటే ఒళ్లు మంట. పేర్లు అక్షరాల వరసలో ఉండేవి. అతనికి ముందు చెన్నయ్య పేరు. ఆ చెన్నయ్య పోయి నాలుగేళ్లయింది. మూడుసార్లు పరీక్ష రాసి మూడుసార్లూ తప్పి, నాలుగోసారికి చదువుతూ చదువుతూ మెదడు జ్వరం వచ్చి ఇదే అర్రలో ప్రాణం విడిచాడు. తల్లి భద్రమ్మ వచ్చి, "నా కొడుకు పేరు కొట్టెయ్యకుండ్రి సారూ, ఎప్పుడన్న పలుకుతడేమో" అని కాళ్లు పట్టుకుందట. సారు మాట ఇచ్చాడు. అందుకని రోజూ ఆ పేరు మూడుసార్లు పిలిచి, పిలిచిన ప్రతిసారీ పలుకు కోసం ఆగి, గైర్‌హాజరు వేశాక గానీ జానయ్య దాకా వచ్చేవాడు కాదు.

జానయ్య కూడా రెండుసార్లు తప్పినవాడే. మొదటిసారి ఇంగ్లీషు ముంచింది. రెండోసారి నాలుగంటే నాలుగు మార్కులు. ఇప్పుడు 1964 ఎండాకాలం, పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. కప్ప నరాల పేర్లు ఎంత బట్టీ పట్టినా తెల్లారేసరికి సగం జారిపోతున్నాయి. ఇదంతా ఒక ఎత్తు, హాలియా దగ్గరి పల్లెలో ఉన్న తల్లి నర్సింగమ్మ ఒక ఎత్తు. ఆమె రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోతానంటే రాదు.

"పరాయోళ్ల చేతుల నా కండ్లెందుకు పెడత? నువ్వు డాక్టరైనంక నువ్వే తియ్యి బిడ్డా," అంటుంది. రెండేళ్లుగా అదే మాట.

అతను తప్పిన ప్రతిసారీ ఆ పొరలు ఇంకాస్త ముదిరాయి. మొన్న ఊరికి పోతే చెంపలు తడిమి గుర్తుపట్టింది. జానయ్యకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమె మీద, తన మీద, ఆ దిక్కుమాలిన కప్ప మీద, అందరి మీదా.

ఆ రోజు మబ్బు పట్టి గాలి ఆగిపోయింది. పొద్దు గూకకముందే అర్రలో చీకటి ముసిరితే సారు కందిలి వెలిగించి రిజిస్టరు ముందేసుకున్నాడు. కిరసనాయిలు వాసన, పదిమంది చెమట వాసన.

"చెన్నయ్య."

ఎవరూ పలకలేదు. సారు ఆగాడు.

"చెన్నయ్య."

పొద్దున్నే ఊరి నుంచి కబురొచ్చింది, తల్లి మెట్టు కానక బావి దగ్గర పడిపోయిందని. ఈ పాఠం విని రేపటి మొదటి బస్సుకు పోవాలని జానయ్య ముళ్ల మీద ఉన్నట్టు కూర్చున్నాడు. ఈ ముసలాయనేమో లేనివాడి కోసం ఉన్నవాళ్ల పొద్దు పారబోస్తున్నాడు.

"చెన్నయ్య."

"హాజర్ సార్," అన్నాడు జానయ్య.

కాలేజీలో దోస్తుల కోసం ఎన్నోసార్లు పలికిన దొంగ హాజరే అది. పక్కనున్న భిక్షపతి కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నాడు. సారు తల ఎత్తలేదు. చాలా మెల్లగా గీత గీశాడు.

"నాలుగేండ్లాయె పిలువవట్టి," అన్నాడు గొంతులోనే. "ఇయ్యాల పలికినవ్."

గాలి లేదు. అయినా కందిలి మంట వంగింది. ఏదో వాసన... కప్పలను సీసాలో నిలవ ఉంచే మందు వాసన. ఘాటుగా... చల్లగా...

"జానయ్య."

అతను నోరు తెరిచాడు. అంతలోనే వెనక చాప మీది నుంచి వినిపించింది.

"హాజర్ సార్."

తన గొంతే. తన జీరే. వెనక్కి తిరగబోతే మెడ కదలలేదు. ఎవరో పేజీ తిప్పారు...

"సార్... నేను జానయ్యను," అన్నాడు గుసగుసగా.

సారు తల ఎత్తి అతన్ని ఎంతో ఇష్టంగా చూశాడు. "నీ హాజరు పడ్డది చెన్నయ్యా. కూసో."

"భిక్షపతీ... నువ్వన్న చెప్పరాదు..."

రెండేళ్లుగా ఒకే గదిలో కలిసి ఉంటున్న భిక్షపతి, చాప జర దూరం జరుపుకున్నాడు. "నువ్వెవరు అన్నా? కొత్తగ వచ్చినవా?"

జానయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలో పడ్డాడు. బస్టాండులో తెల్లవార్లూ ముడుచుకుని కూర్చుని మొదటి బస్సెక్కాడు. ఎండ పొడ తగిలాక కాస్త ధైర్యం వచ్చింది. చదువు ఎక్కువై మతి తప్పిందనీ, అమ్మ చేతి ముద్ద తింటే సర్దుకుంటుందనీ తనకు తనే చెప్పుకున్నాడు. హాలియాలో దిగి ఊరిదాకా నడిచాడు.

నర్సింగమ్మ అరుగు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. దారం ఒక్కసారికే ఎక్కింది.

అతను నిలబడిపోయాడు.

ఆమె తల ఎత్తింది. నల్లని, తేటైన కళ్లు. నేరుగా అతని మొహంలోకి చూశాయి.

"ఎవరి కొడుకువు బిడ్డా?"

"అమ్మా... నేను... జానయ్యను."

పరాచికమాడాడనుకుని నవ్విందామె. "మా జానయ్య రాత్రి దీపాలు పెట్టినంక వచ్చిండు గద. లోపట పండుకున్నడు."

రాత్రి ఆ దారిన బస్సే లేదు.

"పరీక్షలేదు ఏంలేదు, వచ్చుడు వచ్చుడే నా కండ్లు బాగు చేసిండు," అంది మురిసిపోతూ. అంతలో లోపలికి వినపడుతుందేమోనని గొంతు తగ్గించింది. "చేతులే మస్తు సల్లగున్నయ్, పాపం."

లోపల చీకట్లో చాప చప్పుడైంది... ఎవరో లేస్తున్నారు...

జానయ్య చూపు కిందికి దిగింది. ఆమె పక్కన ఇత్తడి గిన్నెలో నీళ్లు. నీళ్ల మీద ఎల్లిగడ్డ పొట్టంత పలచగా, తెల్లగా రెండు పొరలు తేలుతున్నాయి. అతను చూస్తుండగానే అవి రెండూ మెల్లగా, ఒక్కసారే, అతని వైపు తిరిగాయి.