రెండో తూటా

ఆ రోజు పొద్దున అతను చేయాల్సిన పనులు ఇవి. నెరిసిన మీసం అతికించుకోవాలి. ఆయుధశాలకు బదిలీ మీద వచ్చిన ఆర్మరర్‌నని, అంటే తుపాకులు బాగుచేసే మనిషినని, గేటు దగ్గర నమ్మించాలి. ఒక సెమీ ఆటోమేటిక్ రైఫిల్ విప్పి, ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే రెండు తూటాలు ఎందుకు వెళ్లాయో కనిపెట్టాలి. దాని వెనక ఉన్న చెయ్యి ఎవరిదో తేల్చాలి. మధ్యాహ్నం వంతెన దగ్గర తుపాకులు పేలేలోగా ఇదంతా అయిపోవాలి. అన్నిటికంటే ముందు అక్కకు అబద్ధం చెప్పాలి.

"మళ్లీ ఊరికా?" అంది అక్క, స్టవ్ మీద పాలు పొంగకుండా చూస్తూ.

"అవునక్కా. ఏదో ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు మొరాయించాయట."

"మిషన్లు మొరాయించినప్పుడల్లా నీకు మీసం నెరుస్తుందేంట్రా?"

అతను మీసం తడుముకున్నాడు. జిగురు ఇంకా ఆరలేదు. గూఢచారి విభాగంలో అతణ్ని పిచ్చుక అంటారు. దొంగ పాస్‌పోర్టులతో సరిహద్దులు దాటిన పిచ్చుక, అక్క వంటగది గడపను మాత్రం ఎన్నడూ దొరక్కుండా దాటలేదు.

బావ సైన్యంలో షూటింగ్ ట్రెయినర్. కిందటి నెలలో శిక్షణ ముగుస్తుండగా ఆయన చేతిలోని రైఫిల్ ఒక్క నొక్కుకు రెండుసార్లు పేలింది. మొదటి తూటా టార్గెట్‌కు తగిలింది. రెండోది పక్కనున్న రాతిగోడకు కొట్టుకుని వెనక్కి తిరిగొచ్చి, ఆయన ప్రాణస్నేహితుడైన సార్జెంటు మెడలో దిగింది. విచారణాధికారులు ఆ రైఫిల్‌ను ఆయుధశాలలో పరీక్ష చేయించారు. అది బుద్ధిగా ఒక్కొక్కటే పేల్చింది. అజాగ్రత్తగా రెండుసార్లు నొక్కాడని బావ మీద తీర్పు రాసేశారు. కొద్దిరోజులకే లాకప్ గదిలో ఆయన గుండె ఆగిపోయింది.

"ఒరేయ్," అంది అక్క పాలు దించుతూ. "చివరిసారి చూడ్డానికి వెళ్తే మీ బావ ఒక మాటన్నారు. పొద్దున చెప్పినట్టు విందట, వేడెక్కాక మొండికేసిందట. తుపాకీ సంగతో నా సంగతో తెలీలేదు. నన్ను నవ్వించడానికేమో అనుకున్నా."

"బస్సు టైమైందక్కా," అని అతను లేచాడు. ఇంకాసేపుంటే ఏడుపొచ్చేలా ఉంది, మీసం నిలవదు.

*

ఇస్త్రీ దుకాణంలో మనిషి తలెత్తకుండా అడిగాడు. "గంజి పెట్టాలా?"

"కాలర్‌కి మాత్రం చాలు."

కోడ్ కలిసింది. వెనక గది తలుపు తెరుచుకుంది. మడతపెట్టిన దుప్పట్ల మధ్య విభాగం చీఫ్ కూర్చుని ఉన్నాడు. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు.

"టైం లేదు, విను. పొరుగుదేశంతో యుద్ధం ఆగిన రోజు ఇవాళ. వంతెన అటు చివర వాళ్లు, ఇటు చివర మనవాళ్లు. చచ్చిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, పేరుకో తూటా గాల్లోకి పేలుస్తారు. అటొకటి, ఇటొకటి."

"ఏటా జరిగేదే కదా సార్."

"ఒప్పందంలో ఒక షరతుంది. ఒకే వైపు నుంచి వెంటవెంటనే రెండు పేలితే అది దాడి కింద లెక్క. ఇద్దరి మెషిన్‌గన్లూ రెడీగానే ఉంటాయి. యుద్ధం మళ్లీ మొదలైతే ఇద్దరికీ సరుకమ్ముకునే విదేశీ ముఠా ఒకటి మన ఆయుధశాలలో దూరింది. మీ బావ చేతిలో పేలింది రిహార్సల్ అని నా అనుమానం."

"అయితే కార్యక్రమం ఆపించండి."

"మనం మధ్యలో ఆపినా ఒప్పందం తప్పినట్టే. రుజువు లేకుండా మంత్రిగారికి ఏం చెప్పను? మా పిచ్చుకకు బావంటే ప్రాణం అని చెప్పనా?" పెద్దాయన ఒక పెన్ను చేతిలో పెట్టాడు. "లోపల గేజ్ ఉంది. స్ప్రింగ్ బలం కొలుస్తుంది."

"రాస్తుందా సార్?"

"రాయదు. అంత బడ్జెట్ లేదు."

*

ఆయుధశాలంతా నూనె వాసన. గోడ పొడుగునా రైఫిళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఫోర్‌మన్ అతణ్ని ఎగాదిగా చూశాడు.

"ఏం బాబాయ్, ఈ వయసులో ట్రాన్స్‌ఫరా? ఎవరితో గొడవపెట్టుకున్నావేంటి?"

"అందరితోనూ," అన్నాడు పిచ్చుక. ఫోర్‌మన్ నవ్వి, మళ్లీ పరీక్షించడానికి బావ రైఫిల్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఒక్క నొక్కుకు రెండు పేలడానికి మామూలు కారణాలు ఆ బల్ల దగ్గర కూర్చునే ప్రతివాడికీ తెలుసు. ట్రిగ్గర్ దగ్గర మురికి పేరుకోవడం, తూటాను కొట్టి పేల్చే హ్యామర్‌ను ఆపే కొక్కెం అరిగిపోవడం, కొక్కెం వెనక స్ప్రింగ్ నీరసించడం. పిచ్చుక ముందు తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే విప్పాడు. మురికి లేదు. కొక్కెం అంచు పదునుగా ఉంది. స్ప్రింగ్ కొత్తది. గేజ్ పెడితే ఉండాల్సినంత బలం చూపించింది.

తిరిగి బిగించి ఇసుక గుంటలోకి పేల్చబోతుంటే ఫోర్‌మన్ అడ్డొచ్చాడు.

"మ్యాగజైన్‌లో రెండే తూటాలు వెయ్యి బాబాయ్. రోగం ఉన్న తుపాకీ అయితే రెండుతో ఆగుతుంది. నిండా వేస్తే ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. బ్యారెల్ చల్లారాకే మళ్లీ పేల్చాలి. మా దగ్గర ఎప్పట్నుంచో ఇదే రూలు."

పేల్చాడు. ఒకటి. మళ్లీ నొక్కితే ఇంకొకటి. చల్లారాక మళ్లీ అంతే. విచారణ రోజునా ఇలాగే జరిగుంటుంది. పిచ్చుకకు నీరసం వచ్చింది. ఎవరో టీ తెచ్చిచ్చారు. గ్లాసు వేడికి వేళ్లు చురుక్కుమన్నాయి. అప్పుడు అక్క మాట గుర్తొచ్చింది.

ఈ గదిలో ఏ తుపాకీ వేడెక్కదు. మనుషుల్ని కాపాడటానికి పెట్టుకున్న రూలే ఇక్కడ రోగాన్ని దాచేస్తోంది.

అతను స్ప్రింగ్ ఊడదీసి పొగలు కక్కుతున్న టీలో పడేశాడు. కాసేపాగి తీసి గేజ్ పెట్టాడు. ముల్లు సగం దాకా కూడా లేవలేదు. వేడికి మెత్తబడి, చల్లారితే మళ్లీ బిగుసుకునే దొంగలోహం అది.

"టీలో చక్కెర చాలలేదా?"

స్పేర్‌పార్టుల ఇన్‌స్పెక్టర్. అందరూ సిల్క్ మేడం అంటారు. ఎర్ర సిల్కు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు. ఆమె వస్తోందంటే సగం ఆయుధశాల దువ్వెనలు వెతుక్కుంటుంది. ఫోర్‌మన్ అప్పటికే టీకి బయటికెళ్లాడు. ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

"మీసం ఊడుతోంది, పిచ్చుకా."

"నా పేరు నీకెలా తెలుసు?"

"మీ పెద్దాయనకూ పనిచేస్తా, ఆ ముఠాకూ పనిచేస్తా. వంతెన దగ్గరున్న రైఫిళ్లన్నిట్లో ఈ స్ప్రింగులే. నేనే పాస్ చేశా."

"మా బావను చంపింది నువ్వన్నమాట."

ఆమె కళ్లద్దాలు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "రైఫిళ్లు పేలకుండా మొరాయిస్తాయని చెప్పారు నాకు. సార్జెంటు శవాన్ని చూశాక తెలిసింది. విచారణలో మీ బావ నావైపు తిరిగి, 'అమ్మా, మీరు చెప్పండి, ఇది నా వేలు చేసిన పనేనా' అనడిగాడు."

"ఏం చెప్పావు?"

"కళ్లద్దాలు సర్దుకున్నా."

ఆమె పిస్టల్ దించి కారు తాళాలు బల్ల మీద పెట్టింది.

"ఫోన్ లైన్లు కోసేశారు. గేటు దగ్గర మావాళ్లున్నారు. నేను వాళ్లను మాటల్లో పెడతా, నువ్వు వెనక దారిన వెళ్లు. కళ్లతో అడక్కు, నేనేవైపో నాకే తెలీదు."

కారు రోడ్డెక్కుతుండగా వెనక ఒక తుపాకీ చప్పుడు వినిపించింది. ఆమె పిస్టల్‌కు సైలెన్సర్ ఉంది. పేల్చింది ఆమె కాదు.

*

వంతెన దగ్గర పేర్లు సగం పైగా చదివేశారు. బెంచీల మీద చనిపోయినవాళ్ల భార్యలు, తల్లులు కూర్చుని, తమవాళ్ల పేరు వచ్చినప్పుడు తల వంచుతున్నారు. ఇటువైపు పేరుకో తూటా పేలుస్తున్న కాపలా జవాను రైఫిల్ ఆకాశంలోకి ఎత్తి ఉంది. బ్యారెల్ మీద గాలి వేడికి అలలుగా ఊగుతోంది.

పరుగెత్తితే అటు చివర మెషిన్‌గన్ల వాళ్లు చూస్తారు. పిచ్చుక నడిచాడు. ఆర్మరర్ డ్రస్సులో, తుపాకీ చూడటానికి వచ్చిన ముసలాయనలా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. జీవితంలో అంత నెమ్మదిగా, అంత భయంతో అతనెప్పుడూ నడవలేదు.

పేరు చదివారు. జవాను వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. పిచ్చుక చెయ్యి చాచి మ్యాగజైన్ లాగేశాడు.

ఛాంబర్‌లో ఉన్న తూటా పేలింది. ఆ వెంటనే రైఫిల్ లోపల, ఖాళీలో, హ్యామర్ పడిన చిన్న చప్పుడు. టక్.

జవాను మొహం పాలిపోయింది. "నేను ఒక్కసారే నొక్కాను, బాబాయ్."

"తెలుసు నాన్నా. చెయ్యి దించకు. ఇక ఒక్కొక్కటే నేనందిస్తా."

మిగిలిన పేర్లన్నిటికీ పిచ్చుక తూటాలు ఒక్కొక్కటిగా ఛాంబర్‌లో పెట్టాడు. ప్రతి తూటా వెనకా ఆ చప్పుడు వస్తూనే ఉంది. వాళ్లిద్దరికీ తప్ప ఎవరికీ వినిపించలేదు. బెంచీల మీద ఆడవాళ్లు తలలు వంచుతూనే ఉన్నారు. ఆ జాబితాలో బావ పేరు లేదు.

*

సాయంత్రానికి ముఠా దొరికింది. సిల్క్ మేడం గేటు దగ్గర శవమై దొరికింది.

"స్ప్రింగుల సంగతి బయటపెడితే మన రైఫిళ్లు పనికిరావని అటువాళ్లకు తెలుస్తుంది," అన్నాడు పెద్దాయన, అతనివైపు చూడకుండా. "కాబట్టి ఏమీ జరగలేదు. ముఠా లేదు. నువ్వూ లేవు. మీ బావ తీర్పు అలాగే ఉంటుంది. ఏమనుకోకు."

పిచ్చుక ఆ ఒక్క రోజు ఆజ్ఞ మీరాడు. ఇంటికెళ్లి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కదలకుండా విన్నది.

"నలుగురిలో చెప్పొచ్చా?"

"వద్దక్కా."

"సార్జెంటు భార్యకైనా? ఆవిడ నా మొహం చూడట్లేదురా."

"వద్దక్కా."

"మరి నాకొక్కదానికీ తెలిసి ఏం లాభంరా?" అంది అక్క. అప్పుడు ఏడ్చింది.

విభాగం పిచ్చుకకు పతకం ఇచ్చింది. అతను లేనే లేడు కనుక, దాన్ని విభాగమే బీరువాలో దాచుకుంది. పతకం ఎక్కడుంటేనేం. చదువుతున్న మీరు మాత్రం ఆ షూటింగ్ ట్రెయినర్‌ను మరిచిపోకండి. ఆయన ట్రిగ్గర్ ఒక్కసారే నొక్కాడు.