గోల్‌కీపర్‌ని చూపు దాటనివ్వకు

"ఇస్తాంబుల్ కాదు," అన్నాడు ఉదయ్ భాస్కర్. "సికింద్రాబాదే."

జెరెమియా అప్పటికే సూట్‌కేస్ సర్దుకుని వచ్చాడు. కార్ఖానా మెయిన్ రోడ్డు వెనక, స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ బోర్డు తగిలించిన మేడ మీది గది అది. అక్కడ ఇంగ్లిష్ నేర్పేవాళ్లెవరూ లేరు. గూఢచార సంస్థ దక్షిణాది విభాగం ఛీఫ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద ఒక ఫోటో. హెల్మెట్ చంకలో పెట్టుకున్న పొడుగాటి అమ్మాయి.

"పేరు ఐజాన్. మధ్య ఆసియా జట్టు గోల్‌కీపర్. ఇంటర్నేషనల్ మహిళల హాకీ టోర్నమెంట్‌కి వస్తోంది. వాళ్లన్న పైలట్. కోబాల్ట్ ముఠాకి ఆయుధాల విమానాలు నడిపేవాడు. ఇప్పుడు మన కస్టడీలో ఉన్నాడు. ఫైనల్ మరునాడు ఢిల్లీలో జడ్జి ముందు నోరు విప్పుతాడు."

"ఈలోగా చెల్లెల్ని ఎత్తుకుపోతే విప్పడు."

"అదే సంగతి."

"మరి కమాండోలను పెట్టండి సర్."

"పెడితే వాళ్లన్న మన దగ్గరున్నాడని కోబాల్ట్‌కి రూఢి అవుతుంది. ఇప్పటికి అనుమానమే. హోటల్లో మఫ్టీలో మనవాళ్లుంటారు. స్టేడియంలో నువ్వు."

"కవర్?"

"కాలేజీ లెక్చరర్. టోర్నమెంట్‌లో తెర వెనక పనులన్నీ ఒక కాలేజీ స్టాఫూ స్టూడెంట్లూ చూస్తున్నారు. నువ్వు వాళ్లలో ఒక వాలంటీర్‌వి."

"వాలంటీర్ ఏం చెయ్యాలి?"

"చెప్పిన పని."

ఉదయ్ భాస్కర్ ఒక చొక్కా ముందుకు తోశాడు. రెండో గుండీలో కెమెరా ఉంది. కాంటాక్ట్ వచ్చి "ఐస్ ఉందా?" అని అడుగుతుంది. "మోండా మార్కెట్‌లో చూడండి" అని జవాబివ్వాలి.

"ఎవరా కాంటాక్ట్?"

"మేబెల్."

జెరెమియా చొక్కాను వెనక్కి తోశాడు. మేబెల్ కోబాల్ట్‌లో చేరి మనకు పనిచేస్తోందో, మనలో చేరి కోబాల్ట్‌కు పనిచేస్తోందో సంస్థలో ఎవరూ తేల్చలేకపోయారు. కొలంబోలో ఆమె చెప్పిన రేవులో అతను కాపు కాస్తే ఓడ ఇంకో రేవు నుంచి వెళ్లిపోయింది. ఖాట్మండూలో ఆమె చెప్పిన గదిలో మనుషుల బదులు తెరిచిన గ్యాస్ సిలిండర్ దొరికింది.

"ఆమె చెప్పింది విను," అన్నాడు ఉదయ్ భాస్కర్. "నమ్మకు."

* * *

"ఈ చొక్కా విప్పెయ్యండి," అంది కాంతమణి మొదటి మాటగా.

కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ ఆవిడ. వాలంటీర్లందరికీ ఇన్‌ఛార్జ్. మెడలో విజిల్, చేతిలో వాకీటాకీ, ఎవరినీ పూర్తిగా వినని తొందర. "వాలంటీర్లంతా టీషర్టే వేసుకోవాలండీ. రూలు."

టీషర్టుకి గుండీలు లేవు. కెమెరా సంచిలోకి వెళ్లిపోయింది.

"నన్ను టీమ్ ఏరియాలో వెయ్యండి మేడమ్. నాకు ఎక్స్‌పీరియన్స్ ఉంది."

"అందరికీ టీమ్ ఏరియానే కావాలండీ జెరెమియా గారూ, సెల్ఫీలకి. మీరు ఐస్."

ఐస్ అంటే స్టోర్ నుంచి ఐస్ ట్రాలీ తోసుకెళ్లి గేటు దగ్గర అప్పగించడం. అతనికిచ్చిన పాస్ పచ్చది. గేటు లోపలికి వెళ్లడానికి ఎర్రది కావాలి. పాస్ మార్పించుకోవడానికి అతను అక్రెడిటేషన్ కౌంటర్‌కి వెళ్తే కాలేజీని అడగమన్నారు. కాలేజీని అడిగితే ఆర్గనైజింగ్ కమిటీ అన్నారు. కమిటీ ఆఫీసులో ఒక కుర్రాడు ఫోన్ చూస్తూనే అక్రెడిటేషన్ కౌంటర్‌కి వెళ్లమన్నాడు. మారుపేర్లతో ఎన్నో దేశాల సరిహద్దులు దాటినవాడు, సొంత ఊళ్లో ఇనుప గేటు దాటలేకపోయాడు.

గేటు కాపలా పర్వతాలుది. "నాకు మీ మీద కోపం లేదు సార్. పచ్చ పాస్ ఉన్నోళ్లని పోనిస్తే నా నౌకరి పోతది. జెర సమజ్ చేసుకోండ్రి."

ట్రాలీ అప్పగించి వెనక్కి రావడం. మళ్లీ నింపుకుని వెళ్లడం. ఐజాన్‌ను అతను రోజూ చూస్తున్నది గ్రౌండ్ పక్కనున్న వల సందుల్లోంచి.

సెమీఫైనల్ నాటి ఉదయం కాంతమణి కొందరు అమ్మాయిలను స్టోర్ ముందు కూర్చోబెట్టి క్లాసు తీసుకుంది. ఐస్ పగలగొడుతూ జెరెమియా విన్నాడు.

"మ్యాచ్ అయ్యాక డోప్ టెస్ట్‌కి, అంటే ఉత్ప్రేరకాలు వాడారేమోనని చేసే మూత్ర పరీక్షకి, ఎంపికైన ప్లేయర్‌కి మీ కార్డు చూపించి విషయం చెప్పాలి. అక్కణ్నుంచి డోప్ రూమ్‌లో అప్పగించేదాకా ఆమె మీ చూపు దాటకూడదు. ఆమె ఏడిస్తే పక్కన నిలబడండి. బాత్రూమ్‌కి వెళ్తే మీరూ వెళ్లండి."

వెనక వరసలో ప్రిసిల్లా లేచింది. బీకామ్ రెండో సంవత్సరం. బోయిన్‌పల్లి పిల్ల. "ఎవరన్న పెద్దోళ్లొచ్చి, నువ్వు పో, మేం చూసుకుంటం అంటే మేడమ్?"

"ఎవరైనా సరే పోకూడదు."

"కమిషనర్ సార్ వచ్చినా?"

"నేనొచ్చినా పోకు. కూర్చో."

* * *

మేబెల్ ఆ మధ్యాహ్నమే కనిపించింది. టోర్నమెంట్‌లో ఆమె ఉద్యోగం విదేశీ జట్లకు దుబాసీ. నేవీ బ్లూ సూటు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎవరినైనా పాత స్నేహితుడిలా పలకరించే నవ్వు. గేటు అవతలి వైపు నుంచి ట్రాలీ మీదికి వంగింది.

"ఐస్ ఉందా?"

ముందు నిండా ఐస్ పెట్టుకుని ఈ కోడ్ చెప్పాలంటే అతనికి రోత పుట్టింది. "మోండా మార్కెట్‌లో చూడండి."

"హోటల్ దగ్గర ఏమీ జరగదు," గొంతు తగ్గించి అంది. "ఫైనల్ అయ్యాక, స్టేడియంలోనే. డోప్ టెస్ట్ పేరు చెప్పి తీసుకెళ్తారు. వెనక ర్యాంప్ దగ్గర మెడికల్ వ్యాన్ ఉంటుంది. ఆ వ్యాన్లో నేనూ ఉంటాను."

"ఎవరి తరఫున?"

మేబెల్ నవ్వు ఆగిపోయింది. "కొలంబోలో రేవు మార్చింది వాళ్లు. నాకు తెలియనివ్వలేదు. ఖాట్మండూలో ఆ సిలిండర్ వాళ్లు నా కోసం పెట్టినది. ఈ మాట ఎన్నిసార్లు రాసి పంపానో మీ ఆఫీసును అడుగు." ఒక ఐస్ ముక్క తీసుకుని వెళ్లిపోయింది.

జెరెమియా స్టోర్ వెనక నుంచి ఛీఫ్‌కి ఫోన్ చేశాడు.

"మేబెల్ చెప్పిందా?" అన్నాడు ఉదయ్ భాస్కర్. "అంటే హోటల్ నుంచి మనవాళ్లని కదిలించడానికన్న మాట."

"నిజమైతే సర్?"

"రెండుసార్లు అబద్ధమైంది."

"కనీసం నాకో ఎర్ర పాస్ ఇప్పించండి."

"అడిగితే నువ్వెవరో కమిటీకి చెప్పాలి. కమిటీలో కోబాల్ట్ మనిషి లేడని నువ్వు రాసిస్తావా? నీ పోస్ట్‌లో ఉండు."

"నా పోస్ట్ ఐస్ సర్."

"అయితే ఐస్ దగ్గరుండు." ఫోన్ కట్ అయింది.

అతను మళ్లీ ట్రాలీలో ఐస్ నింపడం మొదలుపెట్టాడు. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. మేబెల్‌ను ఇప్పటికీ నమ్మలేకపోతున్నాడు. నమ్మకుండా ఉండే ధైర్యమూ లేదు.

* * *

ఫైనల్ రోజు సాయంత్రం స్టాండ్స్ నిండిపోయాయి. తిరుమలగిరి నుంచి ఆర్మీ కుటుంబాలు, స్కూలు పిల్లలు, డప్పులు. మ్యాచ్ డ్రా అయింది. షూటౌట్‌లో ఐజాన్ ఆఖరి బంతిని కాలితో తన్నేసి అలాగే టర్ఫ్ మీద పడుకుండిపోయింది. ఆమె జట్టు గెలిచింది.

జెరెమియా గేటు దగ్గర నుంచి చూశాడు. గంతులేస్తున్న అమ్మాయిల మధ్యలోకి ప్రిసిల్లా వెళ్లి కార్డు చూపించింది. ఐజాన్ తలూపింది. మేబెల్ చెప్పిన మొదటి ముక్క నిజమైంది.

అతను ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. వీఐపీలు వచ్చారని జామర్లు పెట్టారు.

"పర్వతాలూ, నన్ను లోపలికి వదులు. ఒక అమ్మాయి ప్రాణం సంగతి."

"పొద్దుగాల ఇంకొకాయన సుత గిట్లనే చెప్పిండు సార్. లోపలికి పోయి సెల్ఫీలు దిగిండు."

అంతలో కాంతమణి విసురుగా వచ్చింది. వాకీటాకీలో ప్రిసిల్లా గొంతు గరగరమంటోంది. "మేడమ్, డోప్ రూమ్‌ల నీళ్లు వస్తలేవంట. రూమ్ మార్చిన్రంట. డాక్టర్ సార్ వ్యాన్ కాడికి తీస్కపోతున్నడు. నేను ఎంబడే ఉన్న."

"రూమ్ మార్చడానికి వాళ్లెవరండీ?" కాంతమణి ముఖం ఎర్రబడింది. "ఇప్పుడే అక్కణ్నుంచి వస్తున్నాను. నీళ్లు బాగానే వస్తున్నాయి. నాతో ఒక్క మాటైనా అనకుండా..."

"మేడమ్, ఆయన డాక్టర్ కాదు," అన్నాడు జెరెమియా. "ఆ అమ్మాయిని ఎత్తుకుపోతున్నారు. నేను లెక్చరర్ని కాదు. పోలీసు లాంటివాణ్ణి. నమ్మండి, నమ్మకపోండి, నన్ను మాత్రం లోపలికి తీసుకెళ్లండి."

కాంతమణి అతన్ని ఎగాదిగా చూసింది. "మీరు లెక్చరర్ కాదని ఎప్పుడో తెలుసండీ. స్టాఫ్ రూమ్‌లో జీతం గురించి ఒక్కసారి కూడా తిట్టుకోలేదు." తన ఎర్ర పాస్ పైకెత్తింది. "పర్వతాలూ, ఈయన నాతో వస్తున్నారు."

గేటు తెరుచుకుంది. జెరెమియా ట్రాలీతో సహా పరిగెత్తాడు.

వెనక ర్యాంప్ కింద తెల్ల వ్యాన్, ఇంజన్ ఆన్‌లో. తెల్లకోటు మనిషి ఒక చేత్తో ఐజాన్‌ను లోపలికి తోస్తున్నాడు. ఆమె చెయ్యి ప్రిసిల్లా చేతిలో ఉంది. ప్రిసిల్లా వ్యాన్ తలుపులో అడ్డంగా కూర్చుంది.

"సీటు లేదని చెప్పాగా. దిగు."

"సీటొద్దు సార్. కింద కూసుంట."

"ఇది డాక్టర్ల వ్యాన్."

"ఏదైతేంది సార్. ఆమె నాకు కనవడకుంట పోతే టెస్టు చెల్లది. మా మేడమ్ వచ్చి చెప్పినా దిగొద్దన్నది."

తెల్లకోటు మనిషి ఆమె భుజం మీద తన్నాడు. ప్రిసిల్లా కింద పడింది కాని ఐజాన్ చెయ్యి వదల్లేదు. తలుపు తెరిచి ఉండగానే వ్యాన్ కదిలింది. ప్రిసిల్లా లేచి, ఆ చెయ్యి పట్టుకునే పక్కన పరిగెత్తింది.

జెరెమియా ట్రాలీని ర్యాంప్ మీంచి బలమంతా పెట్టి తోశాడు. అది జర్రున దిగి వ్యాన్ ముందు చక్రాల కింద బోల్తా పడింది. ఐస్ దిమ్మలు ఎగిరిపడ్డాయి. వ్యాన్ జారి గోడను రాసుకుంటూ ఆగింది. తెల్లకోటు మనిషి సిరంజీ తీసి ఐజాన్ మెడ మీదికి వంగాడు. జెరెమియా పరిగెత్తుకొచ్చి అతని మణికట్టు పట్టి వెనక్కి విరిచాడు. సిరంజీ ఐస్‌లో పడిపోయింది. ఇద్దరూ నేల మీద దొర్లారు. జెరెమియా పైకి వచ్చి, అతని రెండు చేతులూ వీపు వెనక బిగించి తలెత్తేసరికి, ముందు సీట్లోంచి ఒక పిస్తోలు తన నుదురు వైపు చూస్తోంది.

పట్టుకున్నది మేబెల్.

"కాల్చు," అన్నాడు డ్రైవర్ వేరే భాషలో. ఆ మాట జెరెమియాకు అర్థమైంది.

మేబెల్ జెరెమియానే చూస్తోంది. ఆ చూపులో అతనికి కనిపించినది తనకు బాగా తెలిసినదే. ఎవరూ నమ్మని మనిషి విసుగు.

"నువ్వు చెప్పింది నిజం," అన్నాడు జెరెమియా. "నమ్మాల్సింది."

పిస్తోలు పక్కకి తిరిగింది. గొట్టం డ్రైవర్ మెడకు ఆనింది. "ఇంజన్ ఆపు," అంది మేబెల్ అతని భాషలోనే.

కాంతమణి వచ్చేసరికి డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ తెల్లకోటు మనిషి మెడలోని పాస్ తిప్పి చూసింది. "ఎర్ర పాస్," అంది పళ్లు కొరుకుతూ. "వీడికిచ్చారు."

* * *

డ్రైవర్‌నీ తెల్లకోటు మనిషినీ పోలీసులు పట్టుకెళ్లి, జామర్లు తీసేశాక ఉదయ్ భాస్కర్ ఫోన్ చేశాడు. హోటల్ దగ్గర మనవాళ్లు ఖాళీ కారిడార్‌ని కాపలా కాస్తున్నారట. జెరెమియా జరిగింది చెప్పాడు. "మేబెల్‌ని ఆఫీసుకి తీసుకురా. ఆమె రాసినవన్నీ మళ్లీ తెరిపిస్తాను." క్షమించమనే మాటకి దగ్గరగా వచ్చి, అక్కడితో ఆగిపోయాడు.

"ఐజాన్‌ని ఇప్పుడే విమానం ఎక్కిస్తాను సర్."

"ఎక్కడికండీ ఎక్కించేది?" పక్కనే ఉన్న కాంతమణి అడ్డొచ్చింది. "టెస్ట్ ఇవ్వకుండా వెళ్తే తప్పించుకున్నట్టు రాస్తారు. కప్పు పోతుంది, ఆ పిల్లని ఆట నుంచి బహిష్కరిస్తారు. ఇంత కష్టపడి గెలిచింది."

ఐజాన్ ఇంకా ప్రిసిల్లా చెయ్యి వదల్లేదు. మేబెల్ ఆమె పక్కన కూర్చుని ఆమె భాషలో అంతా చెప్పింది. అన్న క్షేమమన్న మాట వినగానే ఆ పొడుగాటి పిల్ల ప్రిసిల్లా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "ఏం గాదు, నేనున్న," అంది ప్రిసిల్లా. మోచేతి నుంచి కారుతున్న తన నెత్తురు అప్పుడే చూసుకుంది.

అందరూ కలిసి అసలు డోప్ రూమ్‌కి నడిచారు. ప్రిసిల్లా ఐజాన్‌తో లోపలికి వెళ్లింది. మిగతా ముగ్గురూ బయట బెంచీ మీద కూర్చున్నారు.

కాసేపటికి ప్రిసిల్లా తల బయటపెట్టింది. "మేడమ్, పాపం ఇంతసేపు ఆడి, ఉరికి, ఏడ్చి, ఒంట్ల నీళ్లన్ని అయిపోయినయ్. వస్తలేదంట."

సీలు తీయని నీళ్ల బాటిల్ ఒకటి లోపలికి వెళ్లింది. తర్వాత ఇంకొకటి. బయట స్టాండ్స్ ఖాళీ అయ్యాయి, లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఛీఫ్ ఫోన్ చేసి ఎందుకు ఆలస్యమని అడిగాడు. జెరెమియా చెప్పాడు. ఎంత సేపు పడుతుందని ఆయన గట్టిగా అడిగాడు.

కోబాల్ట్ ముఠాను ఆపడానికి ఒక ఐస్ ట్రాలీ సరిపోయింది. ఆ చిన్న సీసా నింపించడం మాత్రం ఏ దేశపు గూఢచార సంస్థ వల్లా అయ్యే పని కాదని జెరెమియా తన ఛీఫ్‌కి చాలా మర్యాదగా మనవి చేసుకున్నాడు.